అల్లుడూ, ఆ మియాటాకి స్పానర్ పెట్టేముందు

అల్లుడూ,

నువ్వు పంపిన పార్టుల లిస్టు రాత్రి రెండుసార్లు చదివాను. బండిని కిందికి దించే గట్టి స్ప్రింగుల సెట్ కాయిలోవర్లు, ఇంజిన్‌కి గాలి పీల్చే ఇంటేక్, పొగ గొట్టాల హెడర్, సైలెన్సర్, డిక్కీ మీద ఒక రెక్క, అన్నిటికంటే కింద "టర్బో, తర్వాత చూద్దాం". ఆ మాజ్దా మియాటా, టాప్ మడిచే చిన్న స్పోర్ట్స్ బండి, ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. టైర్లలో గాలి ఎంతుందో ఒక్కసారైనా చూశావా?

ఏది ముందు వేయించాలని అడిగావు కాబట్టి చెప్తున్నా. ఒక ఏడాది దాన్ని స్టాక్‌గానే, అంటే కంపెనీ ఇచ్చినట్టే, నడుపు. ఆ తర్వాత నీ ఇష్టం, నేనే గరాజ్‌కొచ్చి జాక్ పట్టుకుంటాను.

ఇదంతా నా చెయ్యి కాలాక తెలిసిన సంగతి. 2001లో కాలిఫోర్నియా సన్నీవేల్‌లో నేను 1994 మియాటా కొన్నాను. ఎర్రది, లేచే హెడ్‌లైట్లది, 128 గుర్రాల (హార్స్‌పవర్) బండి. నెల తిరక్కుండానే పాత షాక్స్ మీదే చవక లోయరింగ్ స్ప్రింగులు వేయించాను. పార్కింగ్‌లో చూడ్డానికి భలే ఉండేది. ఓ ఆదివారం హైవే 9 మీద సారటోగా వైపు దిగుతుంటే మలుపు మధ్యలో చిన్న అతుకు తగిలింది. స్ప్రింగుకి ఇంక కుంగే చోటు లేదు, సస్పెన్షన్ వెళ్లి రబ్బరు స్టాపులకి కొట్టుకుంది. వెనక చక్రాలు ఎగిరి బండి అడుగున్నర పక్క లేన్లోకి జరిగింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. స్టాక్ స్ప్రింగులతో అదే అతుకు మీద అంతకుముందు ఎన్నిసార్లు వెళ్లానో, అక్కడ అతుకుందనే తెలీదు. మీ అత్తయ్య కష్టం వేరు. ప్రతి స్పీడ్ బంప్ దగ్గరా ఒళ్లో దోసెల పిండి డబ్బా రెండు చేతులా పట్టుకుని కూర్చునేది.

నీ మొదటి కంప్లైంట్ మలుపులో బండి ఒరుగుతోందని కదా. నీది 2019 మోడల్. ఇంజినీర్లు దాన్ని తెలిసే అంత మెత్తగా పెట్టారు. మాజ్దావాళ్లు మొదట్నుంచీ 'జింబా ఇత్తాయ్' అంటారు, గుర్రమూ రౌతూ ఒకే ఒళ్లు అని. బ్రేక్ వేస్తే ముక్కు దిగుతుంది, ముందు టైర్ల మీద బరువు పడుతుంది, అప్పుడు స్టీరింగ్ తిప్పితే పట్టు దొరుకుతుంది. ఆ ఒరగడమే బరువు ఎటు పోతోందో నీ నడుముకి చెప్తుంది. అది చదవడం రాకముందే గట్టి స్ప్రింగులు వేస్తే బండి చెప్పడం మానేస్తుంది, నువ్వు నేర్చుకోవడం మానేస్తావు.

పవర్ సంగతి కూడా అంతే. 181 గుర్రాలు, 7,500 ఆర్‌పీఎమ్ దాకా తిరిగే ఇంజిన్, సుమారు వెయ్యి కిలోల పైచిలుకు బరువు. నువ్వు ఇప్పటికి ఐదువేలు దాటించావా? నిజం చెప్పు. ఇంటేక్ మారిస్తే చప్పుడు పెరుగుతుంది, పికప్ పెద్దగా పెరగదు. ఇంజిన్‌లోకి గాలిని బలవంతంగా తోసి పవర్ పెంచే టర్బో అయితే మన సన్యాసి గోచీ కథే. ఎలుకలకి పిల్లి, పిల్లికి పాలు, పాలకి ఆవు. టర్బో పెట్టాక వేడికి పెద్ద రేడియేటర్, ఆ తర్వాత క్లచ్, ఆ తర్వాత గేర్‌బాక్స్ భయం. చివరికి సంసారమే మిగులుతుంది.

చేతులు ఊరుకోవంటావా, డబ్బు నేలకి తగిలే చోట పెట్టు. మంచి టైర్లు వేయించు. తెలిసినవాడితో చక్రాల అలైన్‌మెంట్ చేయించు. ముందు చక్రాల పైభాగం లోపలికి వాలేలా కాస్త నెగటివ్ క్యాంబర్ ఇస్తేనే వేరే బండెక్కినట్టుంటుంది, పార్టు ఒక్కటి కూడా మారదు.

రేస్‌ట్రాక్ మీద సొంత బండి నడిపే ట్రాక్ డేకి వెళ్లాలని ఉందన్నావు కాబట్టి బ్రేకుల గురించి విను. ఒక జూలైలో థండర్‌హిల్ రేస్‌ట్రాక్‌కి వెళ్లాను, మూడో సెషన్‌లో పెడల్ స్పాంజిలా మెత్తబడి నేలకి ఆనింది. ప్యాడ్లు బాగానే ఉన్నాయి, లోపల ఫ్లూయిడ్ మరిగిపోయింది. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని లాక్కుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ ప్రమాణం ప్రకారం కొత్తది కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టిన దానికి ఆ హద్దు 155 మాత్రమే. నాది మూడేళ్ల పాతది. పెడల్‌ని గబగబా పంపు కొట్టి, మట్టిలోకి దింపి ఆపాను. నువ్వు ముందే కొత్తది పోయించు, ట్రాక్‌కి పనికొచ్చే ప్యాడ్లు వేయించు. టాప్ మడిచే బండి కాబట్టి చాలా చోట్ల, బోల్తా పడితే తల కాపాడే ఇనప కడ్డీ, రోల్ బార్ అడుగుతారు, ఆ నిర్వాహకుల రూల్స్ చదివాకే కొను. చప్పుడు సైలెన్సర్ కొనేముందు ఇది గుర్తుపెట్టుకో: లగూనా సెకా రేస్‌ట్రాక్‌లో చాలా ట్రాక్ డేలకి హద్దు 90 డెసిబెల్స్. దాటితే నల్లజెండా చూపించి ట్రాక్ మీంచి దింపేస్తారు. ఫీజు కట్టి, పొద్దున్నే లేచి వెళ్లి, పిట్‌లో కూర్చుని పక్కవాడి స్టాక్ బండి తిరుగుతుంటే చూడాలి. ముందు ఆటోక్రాస్‌కి వెళ్లు, కోన్ల మధ్య ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే ఆట. స్ట్రీట్ క్లాసుల్లో దాదాపు స్టాక్ బండితోనే పోటీ, స్ప్రింగులు మారిస్తే నిన్ను నీకంటే ముదుర్లున్న క్లాసులోకి తోస్తారు.

ఇంక కాలిఫోర్నియా గొడవ. ఎనిమిదేళ్లు దాటిన బండికి రెండేళ్లకోసారి స్మాగ్ చెక్, అంటే పొగ పరీక్ష, ఉంటుంది, నాలుగేళ్లు దాటిన బండి అమ్మాలన్నా సర్టిఫికెట్ నువ్వే ఇవ్వాలి. పొగ ఒక్కటే చూస్తారనుకోకు, హుడ్ ఎత్తి పార్టులూ చూస్తారు. నా ఇంటేక్ మీద ఈఓ నంబర్, అంటే రాష్ట్రం ఆ పార్టుకిచ్చే ఆమోదం నంబర్, లేదు. పొగ శుభ్రంగా ఉన్నా ఫెయిలన్నాడు. గాలి ఫిల్టరుండే స్టాక్ ఎయిర్‌బాక్స్ అప్పటికే 40 డాలర్లకి అమ్మేశాను. రెండు శనివారాలు పాత ఇనుం యార్డుల్లో తిరిగి, 90 పెట్టి అలాంటిదే తెచ్చుకున్నాను. దాని మూతకి క్లిప్పు ఒకటి లేదు, ఆ బండి ఉన్నన్నాళ్లూ జిప్ టైతోనే నడిచింది. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ముందే చెప్పు. చెప్పకుండా వేసిన పార్టులకి చాలా పాలసీల్లో పైసా రాదు, ట్రాక్ మీద జరిగినదానికి అసలే రాదు.

అమ్మే రోజు గురించి ఇప్పుడు చెప్తే నీకు ఎక్కదు. టయోటా సుప్రా, హోండా ఎస్2000 లాంటి పాత స్పోర్ట్స్ బండ్లు స్టాక్‌వి ఇవాళ ఎంత పలుకుతున్నాయో ఓసారి చూడు చాలు. అందరూ మార్చేసుకున్నారు, మార్చనివి కరువయ్యాయి.

అన్నట్టు, బండి కొన్నావని మీ అమ్మకి చెప్పావు గానీ సీట్లు రెండేనని చెప్పలేదటగా. మేలో వస్తోంది, రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ జాడీ. ఎయిర్‌పోర్టుకి నా కామ్రీ తీసుకెళ్లు.

ఇంతా చదివాక కూడా రేపే ఏదో ఒకటి విప్పుతావని నాకు తెలుసు. విప్పినదాన్ని మాత్రం పడెయ్యకు, అమ్మకు. బోల్టులు కవర్లో వేసి, ఎక్కడివో మార్కర్‌తో రాసి తీసుకురా. మా గరాజ్‌లో వాటర్ హీటర్ పక్కన పై అర ఖాళీగా ఉంది.

నీ మావయ్య