షుగర్ ఉన్నోళ్లకి ఎల్‌డీఎల్ ఒక్కో ల్యాబ్‌ల ఒక్కో తీరుగ ఎందుకొస్తది?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. మీ బాపుకి తొమ్మిదేండ్ల నుంచి షుగర్, మొన్న జడ్చర్లల ఒక ల్యాబ్‌ల ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 94 వచ్చింది, నాలుగు రోజులకి మహబూబ్‌నగర్‌ల ఇంకో ల్యాబ్‌ల 121 వచ్చింది, ఏది నమ్మాలె, ఎవరు మోసం చేసిన్రు అని అడిగినవ్. మోసం ఎవరూ చెయ్యలేదు. నేను నల్లగొండల పద్నాలుగేండ్ల నుంచి ల్యాబ్ టెక్నీషియన్‌గ చేస్తున్న, మా అమ్మకి కూడా షుగరే, ఇదే లెక్క కాడ మా ఇంట్ల దెబ్బ తిన్నం, అందుకే కొంచెం పొడుగు రాస్తున్న, ఓపిక చేసుకొని చదువు.

ముందు నువ్వు పెట్టిన అంకెలే చూద్దాం. మొదటి రిపోర్టుల టోటల్ కొలెస్ట్రాల్ 206, హెచ్‌డీఎల్ అంటే మంచి కొలెస్ట్రాల్ 36, ట్రైగ్లిజరైడ్స్ అంటే రక్తంల ఉండే ఇంకో రకం కొవ్వు 380. కింద ఎల్‌డీఎల్ 94 అని ఉన్నది కదా, అది మిషన్ కొలిచిన అంకె కాదు. ట్రైగ్లిజరైడ్స్‌ని ఐదుతో భాగిస్తే 76, దాన్ని వీఎల్‌డీఎల్, అంటే ట్రైగ్లిజరైడ్స్‌ని మోసే కణాలల్ల ఉన్న కొలెస్ట్రాల్, అని రాస్తరు. 206ల నుంచి 36 తీసెయ్, మళ్ల 76 తీసెయ్, మిగిలేది 94. రెండో రిపోర్టుల టోటల్ 203, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 310. ఇదే లెక్క కడితే 103 రావాలె, కానీ 121 ఉన్నది, అంటే వాళ్లు లెక్క కట్టలే, డైరెక్ట్ ఎల్‌డీఎల్ రీజెంట్, అంటే పరీక్ష రసాయనం, వేసి కొలిచినట్టున్నరు. రిపోర్టు మీద ఎల్‌డీఎల్ పక్కన చిన్న అక్షరాలల్ల డైరెక్ట్ అనో, క్యాలిక్యులేటెడ్ అనో ఉంటది, ఒకసారి చూడు.

ఆ ఐదుతో భాగించే లెక్కని ఫ్రీడ్‌వాల్డ్ ఫార్ములా అంటరు. 1972ల అమెరికాల ఫ్రీడ్‌వాల్డ్, లెవీ, ఫ్రెడ్రిక్‌సన్ అని ముగ్గురు 448 మంది రక్తం చూసి తయారుచేసిన్రు. అప్పట్ల ఎల్‌డీఎల్ సరిగ్గ కొలవాలంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ అనే పెద్ద మిషన్‌ల గంటల తరబడి తిప్పాలె, అది ప్రతి ఊర్ల ఎక్కడ దొరుకుతది, అందుకని తక్కువ ఖర్చుల లెక్కతోని తేల్చే దారి చూపించిన్రు. మంచి పనే, యాభై ఏండ్ల నుంచి ప్రపంచమంత అదే వాడుతున్నది. కానీ ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఇది పనికిరాదని వాళ్లే చెప్పిన్రు. ఇంకోటి, ఆ ఐదు అనే అంకె అందరికీ ఒకటే అనుకొని పెట్టింది. షుగర్ కంట్రోల్‌ల లేనోళ్లకి ఇన్సులిన్ సరిగ్గ పనిచెయ్యక లివర్ వీఎల్‌డీఎల్ కణాలని ఎక్కువ తయారుచేస్తది, ఆ కణాలల్ల ట్రైగ్లిజరైడ్ బాగ నిండి ఉంటది, అప్పుడు ఐదుతో కాదు ఆరుతోనో ఏడుతోనో భాగించాల్సొస్తది. ఐదుతోనే భాగిస్తే తియ్యాల్సినదానికన్న ఎక్కువ తీసేస్తం, ఎల్‌డీఎల్ తక్కువ పడుతది. ఉన్న కొవ్వు ఏడికీ పోలేదు, కాగితం మీద తగ్గిందంతే.

ఇదే మా అమ్మకి జరిగింది. అమ్మ దేవరకొండ దిక్కు మా ఊర్లనే ఉంటది, నేను నల్లగొండల. ఊరికి దగ్గర్ల ఉన్న ల్యాబ్‌ల పరీక్ష చేయించుకున్నది, పేరు వద్దులే. టోటల్ 186, హెచ్‌డీఎల్ 32, ట్రైగ్లిజరైడ్స్ 430. 400 దాటినంక ఎల్‌డీఎల్ గడి ఖాళీ ఉంచాలె, లేకపోతే డైరెక్ట్ చెయ్యాలె, వాళ్ల కంప్యూటర్ లెక్క కట్టి 68 అని కొట్టింది, పక్కన నార్మల్ అని కూడా పడ్డది. అమ్మ సంబురపడి రాత్రి వేసుకునే అటోర్వాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ తగ్గించే గోలీ బందు పెట్టింది. దసరాకి ఇంటికి పోతే గోలీల డబ్బాల ఆ పట్టీలు అట్లనే ఉన్నయ్. ఏందమ్మా ఇవి వేసుకుంటలేవా అంటే, కొవ్వు తగ్గిందని కాగితంల రాసిన్రు కదా బిడ్డా, ఊకె ఎందుకు మింగాలె అన్నది. నాలుగు నెలలాయె. నేను రోజుకి అరవై డెబ్బై మంది రిపోర్టులు చూసేదాన్ని, కన్నతల్లి రిపోర్టు నాలుగు నెలలు చూడలే, ఆ బాధ ఇంకా పోలే. మర్నాడు పొద్దుగాల్నే నేనే రక్తం తీసి నా ఎంబడి తెచ్చుకొని మా ల్యాబ్‌ల పెట్టిన. ట్యూబ్ తిప్పినంక పైన తేలిన సీరం తెల్లగ, బియ్యం కడిగిన నీళ్ల లెక్క ఉన్నది, మామూలుగ అయితే లేత పసుపుగ నిర్మలంగ ఉండాలె. డైరెక్ట్ ఎల్‌డీఎల్ 101 వచ్చింది.

లోపల ఏం జరుగుతదో కూడా చెప్త, అప్పుడు నీకే అర్థమైతది. మా చిన్న సెమీ ఆటో మిషన్‌ల అయితే పది మైక్రోలీటర్ల సీరం ఒక మిల్లీలీటర్ రీజెంట్‌ల వేసి 37 డిగ్రీల వేడిల కొన్ని నిమిషాలు పెడ్తం. అందుల మూడు ఎంజైములు వరుసగ పనిచేస్తయ్. మొదటిది అతుక్కొని ఉన్న కొలెస్ట్రాల్‌ని విడదీస్తది, రెండోది దాన్ని ఆక్సిడైజ్ చేసి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తది, మూడోది ఆ పెరాక్సైడ్‌తోని గులాబీ రంగు తెప్పిస్తది. కొలెస్ట్రాల్ ఎంతుంటే రంగు అంత ముదురు. ఆ రంగుని 505 నానోమీటర్ల వెలుగుల చూసి మిషన్ అంకె ఇస్తది, అంతే. ట్రైగ్లిజరైడ్ కూడా ఇట్లాంటి రంగు పరీక్షనే, కాకపోతే దాన్ని గ్లిజరాల్‌గ విరగ్గొట్టి ఆ గ్లిజరాల్‌ని కొలుస్తరు. షుగర్ ఎక్కువున్నోళ్ల రక్తంల విడిగ తిరిగే గ్లిజరాల్ ముందే కొంచెం ఎక్కువుంటది, రీజెంట్‌కి ఇది ముందు నుంచి ఉన్నదా ఇప్పుడు విరిగిందా తెల్వదు, అన్నీ కలిపి లెక్కపెడుతది. ట్రైగ్లిజరైడ్ కొంచెం పెరుగుతది, ఐదుతో భాగించి తీసేస్తరు కాబట్టి ఎల్‌డీఎల్ ఇంకా తగ్గుతది.

హెచ్‌డీఎల్ సంగతి ఇంకో తీరు. పాత పద్ధతిల ఫాస్ఫోటంగ్‌స్టిక్ యాసిడ్, మెగ్నీషియం వేసి ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్‌ని అడుగుకి దింపి పైన మిగిలిన నీళ్లల్ల హెచ్‌డీఎల్ కొలుస్తరు, చిన్న ల్యాబ్‌లల్ల ఇది ఇంకా నడుస్తున్నది. ట్రైగ్లిజరైడ్ ఎక్కువున్న సీరంల ఆ ముద్ద సరిగ్గ అడుగుకి దిగదు, పైన మబ్బు లెక్క తేలుతది. నేను కొత్తగ చేరినప్పుడు ఒకసారి ఆ మబ్బుతోనే పైపెట్ చేసిన, హెచ్‌డీఎల్ 58 వచ్చింది, షుగర్ మనిషికి అంత మంచి హెచ్‌డీఎల్ ఏందని మా సార్ ట్యూబ్ వెలుగుకి పట్టి చూపించిండు, సెలైన్ కలిపి పల్చగ చేసి మళ్ల తిప్పితే 34. గమనించినవా, హెచ్‌డీఎల్ తప్పుగ పెరిగినా తీసివేత ఎక్కువై ఎల్‌డీఎలే తగ్గుతది. నేను నీకు ముఖ్యంగ చెప్పాలనుకున్నది ఇదే. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్న షుగర్ మనిషి దగ్గర ఈ తప్పులు అటూ ఇటూ పోవు, మస్తు సార్లు ఒకే దిక్కు పోతయ్, ఎల్‌డీఎల్‌ని తక్కువ చూపెట్టే దిక్కే. భయపెట్టే తప్పైతే మనిషి డాక్టర్ దగ్గరికి ఉరుకుతడు, ఇది ధైర్యం చెప్పి ఇంట్ల కూసోబెట్టే తప్పు.

ట్యూబ్ గురించి ఒక మాట. షుగర్ పరీక్షకి బూడిద రంగు మూత ట్యూబ్ ఉంటది, దాంట్ల సోడియం ఫ్లోరైడ్ వేస్తరు, రక్తకణాలు షుగర్‌ని తినకుండ ఆపనీకి. మర్రిగూడ దిక్కు నుంచి వచ్చినోళ్లు ఆ ట్యూబ్ మీద ఫ్లోరైడ్ అని చదివి మస్తు భయపడ్తరు, వాళ్ల భయం నాకు తెలుసు, ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగి నడుములు ఒంగినోళ్లని చూసి పెరిగిన ఊర్లు అవి. అమ్మా అది ట్యూబ్‌లనే ఉంటది, నీ ఒంట్లకి రాదు అని చెప్పి తీస్త. అయితే కొలెస్ట్రాల్ మాత్రం ఆ ట్యూబ్‌ల రక్తంతోని చెయ్యొద్దు, ఆ ఉప్పు కణాలల్ల నీళ్లని బయటికి గుంజి ప్లాస్మాని పల్చగ చేస్తది, కొలెస్ట్రాల్ తక్కువ పడుతది. ఎర్ర మూతో పసుపు మూతో ఉన్న ట్యూబ్‌ల సీరం కావాలె. మీ బాపుకి రెండు ట్యూబులల్ల తీసిన్రా ఒక్కదాంట్లనే తీసిన్రా గుర్తు చేసుకో. విటమిన్ సి పెద్ద డోసు గోలీలు వేసుకుంటే కూడా రంగు తగ్గుతది, పెరాక్సైడ్‌ని అది తినేస్తది కాబట్టి, ఆ సంగతి ల్యాబ్‌ల ముందే చెప్పుర్రి.

ఇక పరిగడుపు సంగతి. మొదటిసారి టిఫిన్ తిని పోయిండు అని రాసినవ్, అందుకే తేడా వచ్చిందా అన్నవ్. కొంత వరకే. మామూలు తిండి తిన్నంక ట్రైగ్లిజరైడ్స్ సగటున 26 దాకా పెరుగుతయ్, ఎల్‌డీఎల్ ఒక 8 తగ్గుతది, షుగర్ ఉన్నోళ్లల్ల కొందరికి ఇంకా ఎక్కువే పెరగొచ్చు. యూరప్ డాక్టర్లు, ల్యాబ్ నిపుణులు కలిసి 2016ల మామూలు కొలెస్ట్రాల్ పరీక్షకి పరిగడుపు అక్కర్లేదని చెప్పిన్రు, తిన్నంక ట్రైగ్లిజరైడ్స్ 440 దాటితే అప్పుడు పరిగడుపున మళ్ల చూడమన్నరు. ఇన్సులిన్ తీసుకునేటోళ్లకి ఇది మస్తు ముఖ్యం. మా దగ్గరికి చందంపేట దిక్కు నుంచి పొద్దుగాల బస్సెక్కి ఏం తినకుండ పదకొండు గంటలకి చేరుకునేటోళ్లు ఉన్నరు, ఒకాయన ఇన్సులిన్ సూది వేసుకొని తినకుండ వచ్చి మా బెంచీ మీదనే చెమటలు పట్టి ఒరిగిపోయిండు, షుగర్ చూస్తే 48. చక్కెర నీళ్లు తాగిస్తే తేరుకున్నడు. ఒక్క కొలెస్ట్రాల్ కోసం అంత కష్టం వద్దు, డాక్టర్‌ని అడిగి మధ్యాహ్నం అయినా ఇవ్వొచ్చు. ఫాస్టింగ్ షుగర్ కూడా కావాలంటే మాత్రం తప్పదు, అప్పుడు దగ్గర్ల ఉన్న ల్యాబ్‌కే పొద్దుగాల తొందరగ పోవాలె, సూది సంగతి డాక్టర్ చెప్పినట్టు చెయ్యాలె.

ఇప్పుడు అసలు జవాబు. రెండు రిపోర్టులల్ల టోటల్ నుంచి హెచ్‌డీఎల్ తీసెయ్. మొదటిదాంట్ల 206ల 36 పోతే 170. రెండోదాంట్ల 203ల 38 పోతే 165. చూసినవా, ఎల్‌డీఎల్ 27 తేడా ఉన్నా ఇక్కడ ఐదే తేడా. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటరు. ఐదుతో భాగించుడు లేదు, పరిగడుపు గొడవ లేదు, కొత్త పైసలు లేవు, ప్రతి రిపోర్టుల ఉన్న రెండు కొలిచిన అంకెలతోనే వస్తది. రక్తనాళాలకి చెడు చేసే కణాలల్ల ఉన్న కొవ్వంత ఇందుల కలిసొస్తది, ఎల్‌డీఎల్ ఒక్కటే కాదు. డాక్టర్లు ఎల్‌డీఎల్‌కి పెట్టుకున్న హద్దుకి 30 కలిపి నాన్ హెచ్‌డీఎల్ హద్దు చూస్తరు. షుగర్‌తో పాటు బీపీ లాంటివి కూడా ఉంటే మామూలుగ ఎల్‌డీఎల్ 70 లోపల కావాలంటరు, అంటే నాన్ హెచ్‌డీఎల్ 100 లోపల. మీ బాపుది 165, 170. రెండు ల్యాబులూ ఒక్క మాటే చెప్తున్నయ్ తమ్మీ, ఎక్కువ ఉన్నదని.

డైరెక్ట్ అయితే వందకి వంద కరెక్టని కూడా అనుకోకు, కంపెనీ కంపెనీకి రీజెంట్ మారుతది, ట్రైగ్లిజరైడ్స్ బాగ ఎక్కువున్న సీరంల అవి కూడా ఒకదానికొకటి కలవవు. లెక్కలల్ల కూడా కొత్తవి వచ్చినయ్, 2013ల మార్టిన్ హాప్కిన్స్ అని ఒకటి, ఐదు అనే ఒక్క అంకెకి బదులు మనిషి మనిషికి సరిపోయే అంకె పట్టికల నుంచి తీసుకుంటది, 2020ల శాంప్సన్ ఫార్ములా వచ్చింది, అది ట్రైగ్లిజరైడ్స్ 800 దాకా పనిచేస్తది. అపో బీ అని ఇంకో పరీక్ష ఉన్నది. షుగర్ ఉన్నోళ్లకి ఎల్‌డీఎల్ కణాలు చిన్నగ, గట్టిగ తయారైతయ్, ఒక్కోదాంట్ల కొవ్వు తక్కువుంటది కానీ కణాలు ఎక్కువుంటయ్, కొవ్వు కొలిస్తే బాగనే కనిపిస్తది. అపో బీ అనే ప్రోటీన్ కణానికి ఒకటే ఉంటది కాబట్టి కణాలని లెక్కపెట్టినట్టే. మా దగ్గర చెయ్యం, హైదరాబాద్ పంపిస్తం. అందరికీ అక్కర్లేదు, డాక్టర్ రాస్తే చేయించు.

ఇకమీద పరీక్ష ఇచ్చేటప్పుడు ప్రతిసారీ ఒక్క ల్యాబ్‌లనే ఇవ్వుర్రి, సూది ముందు పది పదిహేను నిమిషాలు కూసోని ఇవ్వమను, చెయ్యికి పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచితే కూడా అంకె పెరుగుతది. జ్వరమొచ్చి తగ్గిన వారంల ఇయ్యొద్దు. గోలీ డోసు నువ్వు నేను మార్చేది కాదు, ఈ రెండు రిపోర్టులు, పాతవి ఉంటే అవి కూడా, గోలీల చీటీ, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కాగితం అన్నీ పట్టుకొని పో, నాన్ హెచ్‌డీఎల్ 165 ఉన్నది సార్ అని నువ్వే చెప్పు. ట్రైగ్లిజరైడ్స్ కోసం విడిగ గోలీ అడగకముందు షుగర్ దారిల పడనీ, షుగర్ దిగితే అవి కూడా చానా మందికి దిగుతయ్. మా అమ్మకి అదే జరిగింది, గోలీ మళ్ల మొదలుపెట్టి, రాత్రి అన్నం తగ్గించి జొన్నరొట్టె తింటున్నది, మొన్నటి రిపోర్టుల టోటల్ 138, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 168. తీసివేత ఫోన్ల నాకు ఆమెనే చెప్పింది.

బాపు ఇప్పుడు ఏం గోలీలు వేసుకుంటున్నడో, ఇన్సులిన్ ఉన్నదా లేదా రాయలే నువ్వు. అది రాయి, రెండో రిపోర్టుల డైరెక్ట్ అని ఉన్నదో లేదో కూడా చూసి చెప్పు.