అమెరికాలో రెండు ఊళ్లు, ముగ్గురు మనుషులు, అప్పు లేకుండా

ప్రశ్న: మాది ఖమ్మం. నేను ప్రభుత్వ టీచర్ని, మావారు ప్రైవేటు కంపెనీలో అకౌంటెంటు. బాబుకు వచ్చే ఏడాది జూలైకి 12 నిండుతాయి, వాడికి రాకెట్లన్నా విమానాలన్నా ప్రాణం. ముగ్గురం ఒక్కసారి అమెరికా చూసి రావాలని ఎప్పట్నుంచో కోరిక. న్యూయార్క్, లాస్ వెగాస్ కలిపి పది రోజులకు ట్రావెల్ ఏజెన్సీ 12 లక్షల 60 వేలు చెప్పింది. మా దగ్గర 5 లక్షల 40 వేలు ఉన్నాయి, నెలకు 25 వేల దాకా మిగులుతుంది. మిగతా దాంట్లో 7 లక్షలకు 14 శాతం వడ్డీతో మూడేళ్ల ట్రావెల్ లోన్ తీసుకోమంటున్నారు. న్యూజెర్సీలో మావారి దూరపు బంధువులు ఉన్నారు. మేమే బుక్ చేసుకుంటే ఎంతలో అవుతుంది? వచ్చే వేసవికి కుదురుతుందా?

జవాబు: కుదురుతుంది. 8 లక్షల 40 వేలలో, పైసా అప్పు లేకుండా వెళ్లి రావచ్చు. కాకపోతే రెండో ఊరు మార్చుకోవాలి, ఈ నెల నుంచి దాచేది 25 వేలు కాకుండా 30 వేలు చేయాలి.

ముందు ఆ లోన్ సంగతి తేలుద్దాం. 7 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్లకు నెలకు దాదాపు 24 వేల ఈఎంఐ పడుతుంది. మొత్తం కట్టేది 8 లక్షల 61 వేలు, అంటే ఒక్క వడ్డీయే లక్షా 61 వేలు. మీకు నెలకు మిగిలేదే 25 వేలు. పది రోజుల సరదాకు మూడేళ్లపాటు ఇంట్లో ఇంకే అవసరానికీ రూపాయి మిగలదు. బాబు తొమ్మిదో తరగతికి వచ్చినా మీరు ఇంకా ఆ అమెరికా బాకీ తీరుస్తూనే ఉంటారు. అదే జూన్ నుంచి మార్చి దాకా పది నెలలు 30 వేల చొప్పున దాస్తే 3 లక్షలు. చేతిలో ఉన్న 5 లక్షల 40 వేలతో కలిపి 8 లక్షల 40 వేలు అవుతాయి. మీ ప్రయాణం బడ్జెట్ ఇదే. దీనికి మించితే వాయిదా వేసుకోండి గానీ అప్పు మాత్రం వద్దు.

ఇక రెండో ఊరు. మన దగ్గర అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్లలో చాలామంది పిల్లల దగ్గరికి వెళ్లినవాళ్లే. దిగడానికి ఇల్లు, తిరగడానికి కారు, పొద్దున్నే ఇడ్లీ అన్నీ అక్కడే అమరుతాయి. వాళ్లకు ఖర్చంతా విమానం టికెట్టే, కాబట్టి వాళ్లు చెప్పే లెక్కలు మీకు పనికిరావు. హోటల్లో దిగి, టికెట్టు కొనుక్కుని తిరిగేవాళ్లకు ఏ రెండు ఊళ్లు ఎంచుకున్నారన్నదాని మీదే సగం ఖర్చు ఆధారపడి ఉంటుంది. న్యూయార్క్ డబ్బు తినే ఊరు. దానికి జతగా లాస్ వెగాస్ పెట్టుకుంటే ఐదారు గంటల విమానం, ముగ్గురికి టికెట్లు, చాలా ఎయిర్‌లైన్స్‌లో పెట్టెకు విడిగా చార్జీ. వెగాస్ పెద్ద హోటళ్లలో గది అద్దె మీద రోజువారీ రిసార్ట్ ఫీజు ఉంటుంది. అంత దూరం వెళ్లి గ్రాండ్ కెన్యన్ అనే ఆ పెద్ద లోయ చూడకుండా రాలేరు. దాని దక్షిణ అంచు సౌత్ రిమ్‌కు వెగాస్ నుంచి కారులో నాలుగు గంటల పైనే పడుతుంది. పైగా 2026 జనవరి నుంచి గ్రాండ్ కెన్యన్‌తో కలిపి 11 నేషనల్ పార్కుల్లో 16 ఏళ్లు నిండిన విదేశీయులకు మామూలు ప్రవేశ రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనం. మీ ఇద్దరికే 200 డాలర్లు.

వెగాస్ బదులు అమెరికా రాజధాని వాషింగ్టన్ పెట్టుకోండి. న్యూయార్క్ నుంచి సుమారు 360 కిలోమీటర్లు. ఆమ్‌ట్రాక్ రైలులో మూడున్నర గంటలు, బస్సులో నాలుగున్నర, ఐదు గంటలు. రైలులో 2 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం టికెట్టే. రైలు చార్జీలు కూడా విమానం టికెట్లలాగే రోజు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి, ముందే కొంటే ముగ్గురికీ కలిపి 120 డాలర్లలో సరిపెట్టవచ్చు.

అసలు లాభం ఊరు చేరాక కనిపిస్తుంది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలన్నీ ఉచితం. జంతు ప్రదర్శనశాల, నేషనల్ గ్యాలరీ, లింకన్ మెమోరియల్, పార్లమెంటు భవనం టూరు కూడా ఉచితమే. మీ బాబు కోసమే కట్టారా అన్నట్టుగా ఎయిర్ అండ్ స్పేస్ మ్యూజియం ఉంది. 1903లో రైట్ సోదరులు ఎగిరిన అసలు విమానం, చంద్రుడి దాకా వెళ్లి వచ్చిన అపోలో 11 కమాండ్ మాడ్యూల్ అక్కడే ఉన్నాయి. దానికి సమయం వేసిన ఉచిత పాసులు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. డల్లెస్ విమానాశ్రయం పక్కన ఇదే మ్యూజియానికి రెండో భవనం ఉంది, డిస్కవరీ స్పేస్ షటిల్ అందులో ఉంది. వాడికి ఒక రోజంతా అక్కడే కేటాయించండి.

ఇలా చేస్తే న్యూయార్క్‌లో మ్యూజియం టికెట్లు దాదాపు అక్కర్లేదు. అక్కడి నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఇష్టమొచ్చినంత ఇచ్చి వెళ్లే వీలు న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ వాసులకే, మనలాంటివాళ్లకు పూర్తి టికెట్టు. డైనోసార్లను వాషింగ్టన్‌లో ఉచితంగా చూడొచ్చు. న్యూయార్క్‌లో వీధులే చూడాలి: సెంట్రల్ పార్క్, బ్రూక్లిన్ బ్రిడ్జి మీద నడక, పాత రైలు వంతెనను పార్కుగా మార్చిన హై లైన్, రాత్రిపూట టైమ్స్ స్క్వేర్, 9/11 స్మారకం దగ్గర నీటి కొలనులు. వీటికి టికెట్టు లేదు. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఉచితం, లిబర్టీ విగ్రహం ముందు నుంచే వెళ్తుంది. విగ్రహం ఉన్న ద్వీపంలో దిగాలనుకుంటే మాత్రం విడిగా టికెట్టు కొనాలి, మీరు కొనండి, బాబు జీవితాంతం గుర్తుపెట్టుకుంటాడు. ఎత్తైన భవనాలు చాలా ఉన్నాయి, వాటిలో ఏదో ఒక్కటి ఎక్కితే చాలు.

తేదీల విషయానికొస్తే, ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులిచ్చిన వెంటనే బయల్దేరండి. మే మధ్యకు కాలేజీ కాన్వొకేషన్లకు వెళ్లే తల్లిదండ్రులతో మన విమానాలు నిండిపోతాయి. మే చివరి సోమవారం మెమోరియల్ డే దాటితే అమెరికావాళ్లే సెలవులకు బయల్దేరతారు. ఇంకో సంగతి, ఎయిర్‌లైన్స్ పిల్లల టికెట్టు 12 నిండనివాళ్లకే. తగ్గేది మూల చార్జీలో కొంత భాగమే అయినా, దసరాకు వాయిదా వేస్తే అదీ పోతుంది.

విమానం టికెట్లు వెతికేటప్పుడు రానుపోను కాకుండా ‘మల్టీ సిటీ’ నొక్కండి. హైదరాబాద్ నుంచి న్యూయార్క్, తిరుగు ప్రయాణం వాషింగ్టన్ నుంచి. మళ్లీ న్యూయార్క్ దాకా రావడానికి డబ్బు, ఒక రోజు రెండూ మిగులుతాయి. వాషింగ్టన్ విమానాశ్రయం కోడ్ ఐఏడీ. పేరు డల్లెస్. టెక్సస్‌లోని డాలస్ కాదు, కోడ్ చూసి మరీ కట్టండి. అంతా ఒకే టికెట్టు మీద ఉండాలి. ముంబైకి ఒకటి, అక్కణ్నుంచి ఇంకొకటి విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోదాని డబ్బు పోతుంది. అబూధాబీ మీదుగా వెళ్లే విమానాలకు అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, పిల్లాడితో దిగాక క్యూలో నిలబడే పని తప్పుతుంది. ముగ్గురికీ కలిపి 3 లక్షల 30 వేలు దాటనివ్వకండి.

బసకు న్యూయార్క్‌లో మాన్‌హాటన్ వద్దు. నది అవతల క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీ చూడండి. న్యూయార్క్ విమానాశ్రయం జేఎఫ్‌కే నుంచి ఎయిర్‌ట్రెయిన్‌లో జమైకా స్టేషన్‌కు, అక్కణ్నుంచి ‘ఈ’ రైలు ఎక్కితే నేరుగా అక్కడే దిగొచ్చు. అదే రైలులో కాసేపు వెళ్తే జాక్సన్ హైట్స్, మన భోజనం దొరుకుతుంది. ఇల్లు అద్దెకు తీసుకుంటే చవక కదా అని చాలామంది అడుగుతారు. న్యూయార్క్ సిటీలో 2023 సెప్టెంబరు నుంచి గట్టిగా అమలవుతున్న నిబంధన ప్రకారం 30 రోజుల లోపు అద్దెకిస్తే యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి, అతిథులు ఇద్దరికి మించకూడదు. మీరు ముగ్గురు, కాబట్టి హోటలే. వాషింగ్టన్‌కు నది అవతల ఆర్లింగ్టన్‌లో మెట్రో పక్కన, పొద్దుటి టిఫిన్ కలిసిన హోటల్ వెతకండి. అక్కడ వారం మధ్యలో ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లతో గదులు ఖరీదు, శని ఆదివారాల్లో తగ్గుతాయి. అందుకే ఆదివారం న్యూయార్క్‌లో దిగి, శుక్రవారం పొద్దున్నే రైలెక్కి, మంగళవారం వాషింగ్టన్ నుంచి తిరుగు విమానం ఎక్కండి.

గది అద్దె చూసేటప్పుడు పన్ను కలిపిన మొత్తమే చూడాలి. హోటల్ తప్పనిసరిగా వసూలు చేసే ఫీజులన్నీ ప్రకటించిన ధరలోనే చూపాలని 2025 మే నుంచి అక్కడ నిబంధన ఉంది గానీ, ప్రభుత్వ పన్ను మాత్రం చివర్లో కలుస్తుంది. న్యూయార్క్‌లో అది 14.75 శాతం, ఆపైన రాత్రికి మూడున్నర డాలర్లు.

మీ బంధువుల ఇల్లు ఎడిసన్ వైపైతే న్యూయార్క్‌కు రానుపోను రోజూ రెండు గంటల ప్రయాణం, ముగ్గురికి రైలు టికెట్లు. మిగిలేదాంట్లో చాలా భాగం దారిలోనే పోతుంది. పైగా ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఐదు రోజులు వాళ్లకూ భారమే. ఒక సాయంత్రం భోజనానికి వెళ్లి రండి, ఆ ఆత్మీయత చాలు.

ఇప్పుడు లెక్క. డాలరుకు 95 రూపాయల చొప్పున వేశాను, మీరు కట్టే రోజు రేటును బట్టి సవరించుకోండి. వీసా ఫీజు మనిషికి 185 డాలర్లు, ముగ్గురికి 53 వేలు. విమానం 3 లక్షల 30 వేలు. న్యూయార్క్‌లో ఐదు రాత్రులకు 260 డాలర్ల చొప్పున, ఆర్లింగ్టన్‌లో నాలుగు రాత్రులకు 190 చొప్పున పన్నులతో కలిపి లక్షా 96 వేలు. రెండు ఊళ్ల మధ్య రైలు 11,500. ఊళ్లలో తిరగడానికి 22 వేలు. న్యూయార్క్ సబ్‌వే టికెట్టు 2026 జనవరి నుంచి 3 డాలర్లు, ఒకే కార్డు తాకిస్తూ వెళ్తే ఏడు రోజుల్లో 35 డాలర్లు దాటాక మిగతా ప్రయాణాలు ఉచితం. ఒక్కొక్కరికీ వేరే కార్డు ఉండాలి. భోజనానికి రోజుకు 110 డాలర్ల చొప్పున పది రోజులకు లక్షా 5 వేలు. హోటల్లో కూర్చుని తింటే బిల్లు మీద పన్ను, ఆపైన 18 నుంచి 20 శాతం టిప్పు తప్పదు, కాబట్టి రోజుకు ఒక పూట మాత్రమే అలా తినండి. చూసేవాటి టికెట్లు 24 వేలు. ఇన్సూరెన్స్, ఫోన్ సిమ్ 18 వేలు. మొత్తం 7 లక్షల 60 వేలు. మిగిలిన 80 వేలు చేతికింద నిల్వ, దాన్ని షాపింగ్ డబ్బుగా చూడకండి. 2025 జూలైలో చేసిన చట్టంలో వీసాకు ఇంకో 250 డాలర్ల ఫీజు ఉంది. మీరు దరఖాస్తు చేసే రోజుకు అది వసూలు చేస్తుంటే ఈ నిల్వలోంచి 71 వేలు పోతాయి. అప్పుడు ప్రయాణం ఒకటి రెండు నెలల పొదుపుకు ఆగాలి, లేదా ఒక రాత్రి తగ్గాలి.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దమ్మా. అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రి బిల్లు మీ మొత్తం ప్రయాణం ఖర్చును మించిపోగలదు. అమెరికాకు వర్తించే పాలసీ, కనీసం లక్ష డాలర్ల కవరు తీసుకోండి. ఎవరికైనా బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాయండి. దాచిన జబ్బే క్లెయిమ్ తిరస్కరణకు కారణమవుతుంది.

పది నెలల్లో వాడే డబ్బు కాబట్టి షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టకండి. బ్యాంకు ఆర్డీ, ఎఫ్‌డీ చాలు. అక్కడి ఖర్చుకు కావలసిన డాలర్లు ఒకేసారి కొనకుండా డిసెంబరు నుంచి మూడు విడతలుగా ఫారెక్స్ కార్డులో (విదేశీ డబ్బు ముందే నింపుకునే బ్యాంకు కార్డు) వేసుకోండి, రేటు ఎటు పోయినా దెబ్బ సగటున పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డుల మీద విదేశీ ఖర్చుకు 2 నుంచి మూడున్నర శాతం అదనపు చార్జీ (మార్కప్), దానిపై జీఎస్టీ ఉంటాయి. అక్కడి మెషీన్ ‘రూపాయల్లో కడతారా’ అని అడిగితే వద్దని డాలర్లే ఎంచుకోండి.

టీసీఎస్, అంటే డబ్బు కట్టేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను, దాని గురించి కూడా ఏజెన్సీని అడిగారో లేదో. టూరు ప్యాకేజీ మీద మొదటి రూపాయి నుంచే అది పడుతుంది. 2026 బడ్జెట్‌లో రేటును 2 శాతానికి తగ్గించినా 12 లక్షల 60 వేల మీద 25 వేలు. రిటర్న్‌లో తిరిగి వస్తుంది నిజమే, అప్పటిదాకా ఆ డబ్బు మీది కాదు. విమానం టికెట్టు ఒకచోట, హోటల్ ఇంకోచోట విడిగా కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు. ఫారెక్స్ కార్డులో వేసుకునే డాలర్లకు ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ లేదు.

పనుల వరుస తప్పకూడదు. మీరు ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి శాఖ అనుమతికి ఈ వారమే అర్జీ పెట్టండి, ఫైలు కదలడానికి సమయం పడుతుంది. వీసా దరఖాస్తు ఆ వెంటనే. 2025 సెప్టెంబరు నుంచి 14 ఏళ్లలోపు పిల్లలకూ మామూలుగా ఇంటర్వ్యూ ఉంటుంది, బాబుకు కూడా స్లాట్ తీసుకోండి. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునే షరతుతో ముందే పట్టుకోవచ్చు. విమానం, రైలు టికెట్లకు మాత్రం పాస్‌పోర్టులో వీసా ముద్ర పడేదాకా ఒక్క రూపాయి కట్టవద్దు. ఒకవేళ వీసా రాకపోతే మీకు పోయేది ఆ 53 వేలే. ఆర్డీ ఆపకుండా సాగనిచ్చి, ఉన్న డబ్బును కదపకుండా నాకు మళ్లీ రాయండి. మళ్లీ ప్రయత్నించడమా, వేరే దేశమా అన్నది అప్పుడు లెక్కేద్దాం.