పాస్‌పోర్టులో నోటు పెట్టమన్నారా? పెట్టకండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: విదేశీ ప్రయాణాలు

ప్రశ్న: వచ్చే నెల ఇండోనేషియాలోని బాలి వెళ్తున్నాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మామయ్య. మా టూర్ ఏజెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు. ప్రతి పాస్‌పోర్టులో అక్కడి కరెన్సీ లక్ష రుపియాల నోటు ఒకటి మడిచి పెట్టుకోండి, ఇమ్మిగ్రేషన్‌లో ఎవరూ ఆపరు అని. మన డబ్బులో అయిదు వందల చిల్లరే కదా, పిల్లలతో ఎందుకొచ్చిన గొడవ, పెట్టేద్దాం అంటున్నారు మా ఆయన. నాకు మాత్రం మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పెట్టకండమ్మా. ఎవరూ అడగకముందే నోటు పెట్టి పాస్‌పోర్టు చేతికిచ్చారనుకోండి, అవతలి అధికారి నిజాయితీపరుడైతే లంచం ఇవ్వజూపినవాళ్లు మీరవుతారు, ఇండోనేషియా చట్టంలో ఇవ్వడమూ నేరమే. అధికారి అలాంటివాడు కాకపోతే, ఈ కుటుంబం అడిగితే ఇస్తుందని మీరే ముందుగా చెప్పినట్టు. ఎటు తిరిగినా ఇరుక్కునేది మీరే, ఏజెంటు కాదు.

మీ భయం ఊరికే వచ్చిందని మాత్రం అనను. 2023 నవంబర్‌లో బాలి ప్రాసిక్యూటర్లు అక్కడి న్గురా రాయ్ విమానాశ్రయంలోనే తనిఖీ చేసి ఇమ్మిగ్రేషన్ సిబ్బందిని అయిదుగురిని అదుపులోకి తీసుకున్నారు. ఫాస్ట్ ట్రాక్ అని ఒక లైన్ ఉంటుంది. ముసలివాళ్లు, గర్భిణులు, వికలాంగులు ఎక్కువసేపు నిలబడకుండా ఉచితంగా వెళ్లడానికి పెట్టింది. దాన్ని విదేశీ టూరిస్టులకు మనిషికి లక్ష నుంచి రెండున్నర లక్షల రుపియాలకు అమ్ముకుంటున్నారన్నది ఆరోపణ. మీ అత్తయ్యా మామయ్యల్లాంటి పెద్దవాళ్ల కోసం ఉన్న దారిని అమ్మకానికి పెట్టారంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

జకార్తాలో జరిగింది ఇంకా చెప్పుకోవాలి. అక్కడి సుకర్నో-హట్టా విమానాశ్రయంలో తమవాళ్ల దగ్గర డబ్బు గుంజుతున్నారని చైనా రాయబార కార్యాలయం ఇండోనేషియా ప్రభుత్వానికి లేఖ రాసింది. 2024 ఫిబ్రవరి నుంచి 2025 జనవరి దాకా కనీసం 44 కేసులు, 60 మందికి పైగా బాధితులు, వాళ్లకు తిరిగి ఇప్పించిన సొమ్ము 3 కోట్ల 27 లక్షల రుపియాల పైచిలుకు. వినడానికి పెద్ద మొత్తమే గానీ మన లెక్కలో మనిషికి మూడు వేల రూపాయలు కూడా పడదు. కిటుకంతా ఇక్కడే ఉంది. లక్ష రూపాయలు అడిగితే ఎవరైనా కేకలు పెడతారు, గొడవ చేస్తారు, మూడు వేలు అడిగితే హోటల్‌కు టైమ్ అవుతోంది, పిల్లలు ఏడుస్తున్నారు, పోనీలే అనుకుని ఇచ్చేసి నోరు మూసుకుంటారు. ఆ "పోనీలే" మీదే ఈ దందా మొత్తం నడుస్తోంది. ఆ లేఖ వచ్చాక 30 మంది దాకా అధికారులను ఆ విమానాశ్రయం నుంచి తప్పించారు. ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది అనేవాళ్లకు ఇదే జవాబు. అదే లేఖలో ఇంకో మాట కూడా ఉంది, లంచం ఇవ్వమని టూరిస్టులకు సలహా ఇవ్వకుండా ట్రావెల్ ఏజెన్సీలను కట్టడి చేయమని. మీ ఏజెంటుకు ఈ పేరా చూపించండి.

ఇక మీరు చేయాల్సింది, పట్టుకోవడానికి వాళ్లకు చిన్న లొసుగు కూడా దొరక్కుండా చూసుకోవడం. అందరి పాస్‌పోర్టులకూ కనీసం ఆరు నెలల గడువుండాలి. పేజీలు చిరిగి ఉన్నా, తడిసి ఉబ్బినా, పిల్లలు గీతలు గీసినా ఇక్కడే మార్పించండి. వీసా ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే కౌంటర్ దగ్గర డబ్బు మాటే రాదు, 30 రోజులకు ఫీజు 5 లక్షల రుపియాలు, సైట్ అడ్రస్ చివర "గో డాట్ ఐడి" అని ఉంటేనే అది ప్రభుత్వానిది. బాలి టూరిస్టు పన్ను లక్షా 50 వేల రుపియాలు 2024 ఫిబ్రవరి నుంచి ఉంది, అదీ ముందే కట్టేయండి. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి, ఫోన్ చార్జింగ్‌ను నమ్ముకోవద్దు.

ఇంత చేశాకా అడిగితే? గొంతు పెంచకుండా, నవ్వకుండా, ఒకే మాట: "రసీదు ఇస్తానంటే కడతాను." కుదరదంటే సూపర్‌వైజర్‌ను పిలవమనండి. వెనక లైన్ పెరుగుతోందని మీరు టెన్షన్ పడనక్కర్లేదు, లైన్ ఆగితే ఇబ్బంది ఆయనకే.

ప్రశ్న: కిందటేడు ఒక దేశంలో విమానం దిగగానే మా నాన్నగారి పాస్‌పోర్టులో ఒక పేజీ మూల నలిగిందని పక్క గదిలో కూర్చోబెట్టారు. ఆయనకు ఇంగ్లిష్ అంతంత మాత్రం. గంట తర్వాత 100 డాలర్లు తీసుకుని స్టాంపు వేసి పంపారు. రసీదు లేదు. ఇప్పుడు ఏమైనా చేయగలమా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: చేయగలరు, చేయండి కూడా. పేజీ నలగడం నిజంగా అంత పెద్ద లోపమే అయితే 100 డాలర్లు పెడితే అది సాపు అవుతుందా? స్టాంపు వేశారంటేనే పాస్‌పోర్టు బాగున్నట్టు లెక్క. అసలు ఫీజుకూ జరిమానాకూ ఎప్పుడూ కాగితం ఉంటుంది. ఇండోనేషియాలోనే వీసా గడువు దాటితే రోజుకు 10 లక్షల రుపియాల జరిమానా, మన డబ్బులో అయిదు వేల పైనే, కానీ రసీదు ఇచ్చి తీసుకుంటారు.

రసీదు లేకపోయినా మీ దగ్గర ఆధారం లేదనుకోకండి. ఆ స్టాంపు మీద తేదీ ఉంటుంది, ఏ విమానాశ్రయమో ఉంటుంది. బోర్డింగ్ పాస్ ఉంటే విమానం దిగిన టైమ్ తెలుస్తుంది. నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఏ కౌంటర్, గదిలో ఎంతమంది, ఎవరు ఏమన్నారు, డబ్బు ఎవరి చేతికిచ్చారు అన్నీ ఆయన చెప్పినట్టే రాయండి. మన విదేశాంగ శాఖకు "మదద్" అనే పోర్టల్ ఉంది, అందులో పెట్టండి, ఢిల్లీలో ఉన్న ఆ దేశపు రాయబార కార్యాలయానికి కూడా మెయిల్ పంపండి. ఆ 100 డాలర్లు వెనక్కి వస్తాయని హామీ ఇవ్వలేను. కానీ చైనావాళ్ల లేఖలో 44 కేసులు చేరాయంటే ఒక్కొక్కరూ వెళ్లి చెప్పబట్టే కదా. అన్నట్టు, "ఎందుకిచ్చారు నాన్నా" అని ఆయన్ని అడగకండి. పరాయి దేశంలో పాస్‌పోర్టు వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆ పెద్దాయన ఎంత భయపడి ఉంటారో ఆలోచించండి.

ప్రశ్న: అధికారి లంచం అడిగినప్పుడు ఫోన్‌లో వీడియో తీయొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. ఇమ్మిగ్రేషన్ హాల్లో వీడియోలు, ఫొటోలు చాలా దేశాల్లో నిషేధం, వాళ్లకు లేని సాకు మీరే ఇచ్చినట్టవుతుంది. బ్యాడ్జి మీద పేరు కనిపిస్తే గుర్తుపెట్టుకుని, బయటికి రాగానే టైమ్‌తో సహా రాసుకోండి.

ప్రశ్న: గదిలో కూర్చోబెడితే మన ఎంబసీవాళ్లు వచ్చి విడిపిస్తారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: దేశంలోకి రానివ్వాలా వద్దా అన్నది ఆ దేశం ఇష్టం, అందులో మన ఎంబసీ బలవంతం చేయలేదు. కానీ నిర్బంధంలో పెడితే మన కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు మీకుంది, 1963 నాటి వియన్నా ఒప్పందంలోనే అది ఉంది. ఎంబసీ ఎమర్జెన్సీ నంబరు బయల్దేరే ముందే కాగితం మీద రాసుకుని, పెద్దవాళ్ల జేబులో విడిగా ఒకటి పెట్టండి.

ప్రశ్న: ఇదంతా బయటి దేశాల గురించి చెప్తున్నారు. మన విమానాశ్రయంలోనే అడిగితే?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: మన దగ్గర అడిగితే ఇంకా గట్టిగా పట్టుకోవచ్చు. ఇమ్మిగ్రేషన్ కేంద్ర ప్రభుత్వం కిందిది, కాబట్టి రాష్ట్ర ఏసీబీకి కాకుండా సీబీఐకి చెప్పాలి, హైదరాబాద్‌లో, విశాఖలో వాళ్ల ఆఫీసులున్నాయి. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇచ్చినవాళ్ల మీదా కేసు పెట్టొచ్చు, బలవంతం చేస్తే ఇచ్చామని ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేస్తే మాత్రం మీ మీద కేసు ఉండదు. గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లు విమానం తప్పిపోతుందని ఇచ్చేసి ఎక్కేస్తుంటారు. అలా ఎక్కేసినా సరే, అక్కడ దిగాక ఆ ఏడు రోజుల్లోపు మీ పేరుతోనే రాతపూర్వకంగా ఫిర్యాదు పంపండి.