స్టీలు బండికి ఫిల్మ్ వేయించే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సెకండ్ హ్యాండ్‌లో సైబర్‌ట్రక్, అదే రంగు లేకుండా స్టెయిన్‌లెస్ స్టీలు ఒంటితో వచ్చే టెస్లా ఎలక్ట్రిక్ పికప్, కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఫోటోలూ చూపించింది. బండి ఎలా ఉందని నువ్వు అడగలేదు కాబట్టి నేనూ చెప్పను. అడిగిందల్లా ఒళ్లంతా ఫిల్మ్, అంటే గీతలు పడకుండా అతికించే ప్లాస్టిక్ పొర, వేయించాలా, ద్రవంలా పూసే పలచని సిరామిక్ కోటింగ్ చాలా, ఏమీ లేకుండా ఉత్త స్టీలుగా వదిలేయాలా అని. నా ఉద్యోగమంతా డెట్రాయిట్ దగ్గర పెయింట్ షాపులోనే గడిచింది కదా, ఇది నాకు బాగా తెలిసిన వ్యవహారమే. ముందే చెప్పేస్తున్నా: ఈ చలికాలానికి ఒళ్లంతా ఫిల్మ్ వద్దు. చక్రాల వెనకా, తలుపుల కింది భాగానికీ వేయించు. అది కూడా స్టీలుని సరిగ్గా కడిగాకే.

మామూలు పికప్‌కి రంగు వేసేది అందం కోసమే కాదు. రంగు కింద ఉండేది కార్బన్ స్టీలు. గాలీ నీరూ తగిలితే తుప్పు పట్టాల్సిందే. అందుకే జింకు పూత, ఫాస్ఫేట్ స్నానం, కరెంటుతో పట్టించే ఈ-కోట్, ప్రైమర్, రంగు, దాని మీద క్లియర్ కోట్. ఇన్ని పొరలూ కలిపినా మందం మిల్లీమీటరులో పదో వంతుకి కాస్త అటూ ఇటూ. రాయి తగిలి అది ఒకచోట పగిలిందంటే తుప్పు అక్కడ మొదలై రంగు కిందికి పాకుతుంది. ఫోర్డ్ 2015 మోడల్ నుంచి ఎఫ్-150 పికప్ బాడీని అల్యూమినియంతో చేస్తోంది. దానికి ఎర్ర తుప్పు రాదు గానీ, రంగు కింద అదీ పొంగుతుంది.

నీ బండి సంగతి వేరు. స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. ఆ క్రోమియం గాలిలో ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనిపించనంత పలచని పొర కడుతుంది. గీత పడినా, ఆక్సిజన్ అందుతున్నంత వరకు ఆ పొర తనంతట తనే మళ్లీ కట్టుకుంటుంది. 1981 నుంచి 83 వరకు తయారైన డెలోరియన్ కార్లు 304 రకం స్టీలుతో, రంగు లేకుండానే వచ్చాయి. వాటిలో చాలా బండ్లకు ఆ ప్యానెళ్లు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. కాబట్టి రంగు లేదని టెన్షన్ పడకు.

స్టెయిన్‌లెస్‌కి అసలు శత్రువు ఉప్పు. మనవాళ్లు ఉప్పునీ ఊరగాయనీ స్టీలు డబ్బాలో కాకుండా జాడీలో పెట్టేది ఊరికే కాదు. డబ్బాలో పెడితే అడుగున చిన్న చిన్న గుంటలు పడతాయి. ఉప్పులోని క్లోరైడ్ ఆ పలచని పొరను ఒక్కోచోట ఛేదించి లోపలికి తొలుస్తుంది. నువ్వుండేదేమో క్లీవ్‌లాండ్. ఎరీ సరస్సు అడుగునే ఉప్పు గని ఉన్న ఊరు. శీతాకాలం రోడ్ల మీద ఉప్పుకి కరువుండదు.

ఇప్పుడు ఫిల్మ్ దగ్గర వచ్చే చిక్కు చూడు. బాగా అంటుకున్న ఫిల్మ్ ఉప్పుని స్టీలుకి తగలనివ్వదు, మంచిదే. కానీ అంచు ఎక్కడైనా లేచిందనుకో, ఉప్పునీరు దాని కిందికి పాకి అక్కడే నిలిచిపోతుంది. ఆ సందులోకి ఆక్సిజన్ సరిగ్గా అందదు, పొర మళ్లీ కట్టుకోలేదు. ఉత్త స్టీలైతే ఒక వానకి కడుక్కుపోయేది, ఫిల్మ్ కింద నెలల తరబడి ఉండిపోతుంది. పైనుంచి చూస్తే నీకు ఏమీ కనపడదు. ఒళ్లంతా ఫిల్మ్ వద్దంటున్నది ఇందుకే. ఎంత ఎక్కువ వేస్తే అన్ని అంచులు, అన్ని మూలలు, అన్ని అతుకులు. కింది భాగం ఒక్కటే అయితే అంచులు ఎక్కడున్నాయో నీకు తెలుస్తుంది, కడిగినప్పుడల్లా వేలితో తడిమి చూడొచ్చు.

ఫోటోలో వెనక తలుపు మీద నారింజ రంగు చుక్కలు కనిపించాయి. 2024 మొదట్లో చాలామంది ఓనర్లు ఇవే చూసి బండి తుప్పు పడుతోందని గోల పెట్టారు. ఎక్కువగా అది స్టీలు తుప్పు కాదు. బ్రేకుల నుంచో, రైలు పట్టాల దగ్గర్నుంచో ఎగిరొచ్చిన ఇనుప రజను పైన అతుక్కుని తుప్పు పడుతుంది. అయినా వదిలేయకూడదు, దాని చుట్టూ తడి నిలుస్తుంది. సిట్రిక్ ఆమ్లం ఉన్న స్టెయిన్‌లెస్ క్లీనర్ తెచ్చి, కనపడని మూలలో ముందు పరీక్షించి, మెత్తటి గుడ్డతో రుద్ది, ఆరిపోకముందే నీళ్లతో కడిగెయ్. రుద్దడం ఎప్పుడూ స్టీలు మీద గీతలు పోయే దిశలోనే, గుండ్రంగా తిప్పొద్దు. చుక్క పోయాక టార్చి వేసి చూడు. చోటు నున్నగా ఉంటే పైపై రజనే. సూది మొన గుచ్చినట్టు గుంట కనిపిస్తే ఉప్పు పని మొదలుపెట్టిందని అర్థం, ఆ ఫోటో నాకు పంపు. స్టీలు పీచు, వైరు బ్రష్ దగ్గరికి రానీయకు, అవే కొత్త ఇనుప రజను అంటిస్తాయి. బ్లీచ్ వద్దు, చక్రాలు కడిగే ఘాటు ఆమ్లాలూ వద్దు. పక్షి రెట్ట, చచ్చిన పురుగులు, తారు, రోడ్డు ఉప్పు పడితే వెంటనే తుడవమని టెస్లా మాన్యువల్‌లోనే రాసి ఉంది. ఫిల్మ్ షాపువాడు ఇదంతా చేయకుండా నేరుగా అతికిస్తానంటే ఆ షాపు నుంచి వచ్చెయ్. రజను మీద ఫిల్మ్ వేస్తే దాన్ని లోపలే పెట్టి మూత వేసినట్టే. ఫిల్మ్‌ని బండి మీదే బ్లేడుతో కోస్తారా అని కూడా అడుగు. ఉత్త స్టీలు మీద బ్లేడు గీత దాగదు.

సిరామిక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మందం ఒకటి రెండు మైక్రాన్లు. వేలిముద్రలు తక్కువ పడతాయి, కడగడం తేలిక. రాయి దెబ్బని ఆపదు. షాపువాడు ఆపుతుందంటే నమ్మకు. వేలిముద్రలే నీ బాధ అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లి తుడుచుకుంటే సరిపోతుంది.

ఫిల్మ్ పెట్టి ఎక్కువ ఊరట పొందలేని విషయం ఇంకోటుంది. సొట్ట. రంగు బండికి సొట్ట పడితే డెంటింగ్ చేసి, పుట్టీ పెట్టి, రంగు కొట్టేస్తారు. ఉత్త స్టీలుకి పుట్టీ దాగదు కదా, చాలాసార్లు ప్యానెలే మార్చాలి. ఫిల్మ్ గీతని ఆపుతుంది, సొట్టని ఆపదు. ఆ డబ్బు ఇన్సూరెన్సులో డిడక్టిబుల్, అంటే రిపేరుకి నీ జేబులోంచి పెట్టాల్సిన వాటా, తగ్గించుకోవడానికి వాడుకో.

ఇంకో పని మర్చిపోకు. 2025 మార్చిలో టెస్లా 46,096 సైబర్‌ట్రక్‌లను రీకాల్ చేసింది. ముందు అద్దం (విండ్‌షీల్డ్) పక్కన పైకి పోయే స్టీలు పట్టీ జిగురు వదిలి ఊడే ప్రమాదం ఉందని. నీది ఆ లెక్కలో ఉందో లేదో బండి గుర్తింపు నంబరు (విన్) ఆన్‌లైన్‌లో కొట్టి చూడు. ఉంటే ఆ పని అయ్యాకే షాపుకి తీసుకెళ్లు.

చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దాటిన రోజు చూసి, కింది నుంచి నీళ్లు కొట్టే చోట కడిగించు. ఉప్పుతో వచ్చి వేడి గ్యారేజీలో పెట్టేయకు, వెచ్చదనానికి తుప్పు ఇంకా జోరందుకుంటుంది. అటాచ్‌మెంట్లు ఏమైనా బిగిస్తే మామూలు ఇనుప బోల్టులు వద్దు, వాటి తుప్పు కారి స్టీలు మీద చారలు కడుతుంది. మీ నాన్న పాత టయోటా టకోమా పికప్ కూడా నీ దగ్గరే ఉంది కదా, దాని ఫ్రేము కింద సుత్తితో ఒకసారి తట్టి చూడు. ఆ తరం బండ్ల ఫ్రేముల తుప్పు మీద టయోటా 2016లో 340 కోట్ల డాలర్ల దాకా అయ్యే సెటిల్‌మెంటుకి ఒప్పుకుంది. దానికైతే ఈ నెలలోనే లానోలిన్ నూనె (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) కొట్టించు, రబ్బరు అండర్‌కోట్ మాత్రం వద్దు. అది పగిలితే కిందే తడి పట్టేస్తుంది.

షాపువాడు ఇచ్చే ధరల కొటేషన్‌లో స్టీలు శుభ్రం చేసే పని వేరే లైనుగా రాయించు. అది చేతికి రాగానే నాకు పంపు, అడ్వాన్సు ఇవ్వకముందే. అత్తయ్య అడిగానని చెప్పమంది.

మీ మామయ్య