పర్మిషన్ ఉగాది దాకే, ముహూర్తం వైశాఖంలోనట

నిన్న పొద్దున్నే పర్లాకిమిడి నుంచి ఫస్ట్ బస్సుకి ఒక పెద్దాయన బరంపురం వచ్చి మా గేటు దగ్గర నిలబడ్డారు, చేతిలో గుడ్డసంచి, సంచిలో పంచాంగం. వాళ్ళబ్బాయి ఇంగ్లండ్‌లో స్థలం కొన్నాడు, ఇల్లు కట్టుకోడానికి ప్లానింగ్ పర్మిషన్ ముందే వచ్చి ఉన్న స్థలం, ఆ పర్మిషన్ గడువు దగ్గర పడుతోందట. నేను డిసెంబర్‌లో అమ్మ దగ్గరికి వస్తానని, మేం అక్కడ సొంతంగా ఇల్లు కట్టించుకున్నామని ఇక్కడ మనవాళ్ళందరికీ తెలుసు కదా. ఆ అబ్బాయి కూడా నెల క్రితం "అక్కా ఏం చెయ్యమంటావ్" అని మెసేజ్ పెట్టాడు, నేనే బద్ధకించాను. తమ్ముడూ, జవాబు అందరికీ కనబడేలా ఇక్కడే రాస్తున్నా, ఈ ఏడాది ఇది అడిగినవాళ్ళలో నువ్వు మూడోవాడివి.

టీ తాగుతూ మీ నాన్నగారు ఫోన్‌లో డెసిషన్ నోటీసు, అంటే పర్మిషన్ ఇచ్చిన కాగితం, ఫోటో చూపించారు, వేళ్ళతో పెద్దది చేసి చూస్తే తేదీ 2023 మార్చి 20. ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్ళు, ఆ మూడేళ్ళు అయ్యేలోగా పని మొదలవ్వాలి, ఇల్లు పూర్తవ్వాలని కాదు. (వేల్స్‌లో అయితే ఐదేళ్ళు, అక్కడున్న మనవాళ్ళు నన్ను తిట్టకండి.) చాలామంది మార్చి 20 దాకా ఉందనుకుంటారు, కానీ చట్టంలో లెక్క పర్మిషన్ ఇచ్చిన రోజుతో కలిపి మూడేళ్ళు, అంటే ఆఖరి రోజు 2026 మార్చి 19. అది ఏ రోజో పంచాంగంలో చూడండి మావయ్యగారూ అన్నాను, ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీ తిప్పి, ఉగాదమ్మా, అన్నారు. అని కాసేపు మాట్లాడలేదు, ఎందుకంటే ఆయన రాయించుకొచ్చిన ముహూర్తం వైశాఖంలో ఉంది.

ఇప్పుడు మూఢం కాబట్టి కుదరదు, పుష్యం శూన్యమాసం కాబట్టి కుదరదు, ఆయన లెక్క ఆయనది, నేను కాదనను. దానికితోడు మన వైపు వాళ్ళకి ఇంకో తిప్పలు, ఇంట్లో తెలుగు పంచాంగం ఉంటుంది, పక్కింటివాళ్ళ దగ్గర ఒడియా పాంజి ఉంటుంది, మనకి అమావాస్యకి నెల మారితే వాళ్ళకి పున్నమికి మారిపోతుంది, రెండూ చూసేవాళ్ళకి పనికిరాని రోజులే ఎక్కువ మిగులుతాయి.

గడువు పొడిగించమని కౌన్సిల్‌ని, అంటే పర్మిషన్ ఇచ్చే అక్కడి మున్సిపాలిటీ లాంటి వాళ్ళని, అడగొచ్చు కదా అంటావ్. అది కుదరదు తమ్ముడూ. షరతులు మార్చమని ప్లానింగ్ చట్టం సెక్షన్ 73 కింద అడగొచ్చు గానీ దాంతో మొదలుపెట్టే గడువు పెరగదు. గడువు దాటితే మళ్ళీ కొత్త అప్లికేషన్, కొత్త ఫీజు, ఈసారి ఇస్తారన్న గ్యారంటీ లేదు, నువ్వు పర్మిషన్ ఉన్న స్థలం రేటు పెట్టి కొన్నది ఖాళీ స్థలం అయి కూర్చుంటుంది.

మరి మొదలుపెట్టడం అంటే ఏటి? మనకి శంకుస్థాపన అంటే ఈశాన్యంలో గొయ్యి, నవధాన్యాలు, ఒక ఇటుక, కొబ్బరికాయ. వాళ్ళ లెక్కలో అది మొదలు కాదు, గడ్డి పీకి నేల చదును చేసినంత మాత్రాన కూడా ధీమాగా కూర్చోలేం. 1990 నాటి ప్లానింగ్ చట్టం సెక్షన్ 56లో రాసి ఉంది ఏవి లెక్కలోకి వస్తాయో, పునాది గానీ అందులో కొంత భాగం గానీ పడే ట్రెంచ్, అంటే పొడుగాటి గొయ్యి, తవ్వడం, పునాది దాకా భూమిలో పైపు వెయ్యడం, రోడ్డు వెయ్యడం మొదలెట్టడం, పాత కట్టడం కూల్చడం ఇలాంటివి. ఒక్క ట్రెంచ్ చాలు నిజానికి, ఒక పూట జేసీబీ పని. విన్నవాళ్ళంతా ఇంతేనా అంటారు, ఇంతే అనుకునే మునిగిపోతారు.

ఎందుకంటే ఆ నోటీసు వెనకాల షరతులుంటాయి. మీ నాన్నగారి ఫోన్‌లో మొదటి పేజీ ఒక్కటే ఉంది, నాకు కావల్సింది మిగతా పేజీలు. ప్రతి షరతూ ఎప్పటికల్లా తీర్చాలో దాన్లోనే ఉంటుంది, కొన్ని పని మొదలుపెట్టే ముందు, కొన్ని నేల పైకి గోడ లేచే ముందు, కొన్ని ఇంట్లో దిగే ముందు. ఎర్రపెన్ను తీసుకుని మొదటి రకం అన్నిటికీ గీత కొట్టు. మురుగునీటి ప్లాను, మట్టిలో విషపదార్థాల పరీక్ష, చెట్లకి రక్షణ కంచె, పురావస్తు తవ్వకం, ఇలాంటివి ఉంటాయి. ఇవి కౌన్సిల్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా నువ్వు ట్రెంచ్ తవ్వితే, ఆ షరతు పర్మిషన్‌కి ప్రాణంలాంటిదైతే ఆ తవ్వకం చెల్లదు. 1992లో విట్లీ కేసులో కోర్టు చెప్పిన మాట ఇది, కొన్ని మినహాయింపులున్నాయి గానీ వాటిని నమ్ముకుని ఎవరూ ఇల్లు కట్టరు. చెల్లని ట్రెంచ్ తవ్వుకుని గడువు దాటించేసుకున్నాక ఎంత ఏడ్చినా లాభం లేదు.

షరతులు తీర్చే అప్లికేషన్‌కి కౌన్సిల్‌కి ఎనిమిది వారాల టైముంటుంది, మధ్యలో క్రిస్మస్ సెలవులు. అందుకే అంటున్నా, ఈ వారంలోనే పంపించు, ఆర్కిటెక్ట్ జనవరిలో చూద్దాం అన్నా వినకు. ఆ ఆర్కిటెక్ట్ పాత ఓనర్ మనిషైతే డ్రాయింగులు వాడుకునే హక్కు నీకు రాసిచ్చారో లేదో కూడా చూస్కో, స్థలంతో పాటు అది దానంతటది రాదు.

ఇంకోటి, డబ్బు పోయేది ఇక్కడే. కొన్ని కౌన్సిళ్ళలో సీఐఎల్ అని చదరపు మీటరు లెక్కన పన్నులాంటిది ఉంటుంది. ఉదాహరణకి మీటరుకి 150 పౌండ్లు అనుకో, 160 మీటర్ల ఇంటికి 24,000 పౌండ్లు. సొంతానికి కట్టుకుని మూడేళ్ళు అందులోనే ఉండేవాళ్ళకి మాఫీ ఉంది, కానీ ట్రెంచ్ తవ్వకముందే అడగాలి, తవ్వకముందే వాళ్ళు ఒప్పుకున్నట్టు కాగితం రావాలి. పాత ఓనర్ తీసుకున్న మాఫీ నీకు పనికిరాదు, బాధ్యత నీ పేరు మీదికి మార్చుకుని నువ్వే మళ్ళీ అడగాలి. తర్వాత ఫలానా రోజు మొదలెడుతున్నాం అని కమెన్స్‌మెంట్ నోటీసు, అదీ ముందే. గడువు కంగారులో జేసీబీ ముందు, మాఫీ ఫారం తర్వాత అన్నావంటే ఆ మాఫీ మళ్ళీ రాదు.

మా సంగతి చెప్తాను. మాకు కాగితాలన్నీ వచ్చేసరికి పదమూడు రోజులు మిగిలాయి, ఫిబ్రవరి, ఎడతెగని వాన. బిల్డర్ వచ్చి ముగ్గు పోశాడు, అక్కడ ముగ్గు అనరులే, స్ప్రే డబ్బాతో తెల్లగీతలు. తవ్వేశాడు, నేను ఫోటోలు తీసి అమ్మకి పంపించాను, అమ్మ ఇక్కడ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టించింది. రెండ్రోజుల తర్వాత కొలతలు చూడ్డానికి వచ్చినాయన టేపు పట్టుకుని ఒకసారి నడిచి, మళ్ళీ నడిచి, ఈ ట్రెంచ్ డ్రాయింగ్‌లో లేదండీ అన్నాడు. ఏటంటే మా బిల్డర్ సరిహద్దు నుంచి కొలవకుండా చెట్ల కంచె నుంచి కొలిచాడు, మీటరున్నర పక్కకి జరిగిపోయింది. ప్లానులో ఉన్నచోట కాకుండా తవ్వితే అది ఆ పర్మిషన్ కింద మొదలెట్టినట్టు కాదని వాదించే వీలుంటుంది. నీళ్ళు నిండిన ఆ గోతిని పూడ్చి, బురదలో కొత్తది తవ్వించి, గడువుకి ఐదు రోజుల ముందు ఊపిరి పీల్చుకున్నాం. జేసీబీ రెండో రోజు అద్దె కూడా మా దగ్గరే వసూలు చేశాడు, అది ఇప్పటికీ కడుపుమంటే. అందుకని కొలిచే మనిషికి నువ్వే డబ్బులిచ్చి ముందు రప్పించు.

తవ్విన రోజు ఫోటోలు, వీడియో, తేదీ కనపడేలా తియ్యి, వెనకాల పక్కింటి గోడో కరెంటు స్తంభమో గుర్తుపట్టేది ఉండాలి. జేసీబీ బిల్లు దాచు, కౌన్సిల్‌కి ఈమెయిల్ పెట్టు. వీలైతే తర్వాత పని చట్టప్రకారమే మొదలైందని కౌన్సిల్ ఇచ్చే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకో, రేపు బ్యాంకో కొనేవాడో అడిగితే అదే సమాధానం.

బిల్డింగ్ కంట్రోల్ అని కట్టడం నిబంధనల ప్రకారం ఉందో లేదో చూసేవాళ్ళు వేరు, దాన్ని దీంతో కలపకు. 2023 అక్టోబర్ నుంచి వాళ్ళ దగ్గర మొదలుపెట్టడం అంటే మామూలు కొత్త ఇంటికి పునాదులు, గ్రౌండ్ ఫ్లోర్ దాకా పూర్తవ్వాలి, ఒక్క ట్రెంచ్ చాలదు, దాని గడువు దానిది. పక్కింటి గోడకి మూడు మీటర్ల లోపల వాళ్ళ పునాది కన్నా లోతుగా తవ్వుతుంటే పార్టీ వాల్ చట్టం కింద నెల ముందు నోటీసివ్వాలి, ఇది కూడా ఇప్పుడే ఇచ్చెయ్. కట్టడం అయ్యాక సామాన్ల మీద వ్యాట్ వెనక్కొస్తుంది, రసీదులు పారెయ్యకు, పూర్తయిన ఆరు నెలల్లోగా అడగాలి.

ముహూర్తం సంగతి మీ నాన్నగారితో ఇలా తేల్చుకున్నాం. మూఢం వెళ్ళాక ఫాల్గుణంలో ఒక రోజు చూసి ట్రెంచ్, అప్పటికి నీ కాగితాలన్నీ చేతికి రావాలి. శంకుస్థాపన ఆయన కోరుకున్నట్టే వైశాఖంలో, ఆయన అక్కడికి వచ్చాక, అదే ట్రెంచ్ ఈశాన్యం మూలలో. పెన్సిల్ అడిగి తీసుకుని పంచాంగం మార్జిన్‌లో ట్రెంచ్ అని తెలుగులో రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఒడియా పాంజిలో కూడా ఆ రోజు ఎలా ఉందో చూపిస్తానమ్మా అన్నారు, అది మాత్రం వద్దని బతిమాలాను.