పాత కుర్చీల షెడ్డు కెరీర్ అవుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి భీమవరంలో బీకాం ఆఖరి సంవత్సరం. చదువులో ఫర్వాలేదు. కానీ రెండేళ్ళుగా సెలవు దొరికితే చాలు, పాత ఇళ్ళు పడగొట్టే చోటా, పాత ఇనుప సామాను కొట్ల దగ్గరా తిరుగుతున్నాడు. మా పెరట్లో షెడ్డు నిండా పడక కుర్చీలు, ఏడు జతల కుట్టుమిషన్ కాళ్ళు, మూతపడిన రైస్ మిల్లు పుల్లీలు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో షాపు పెట్టి ఇలాంటివే అమ్ముతానంటున్నాడు. అడ్వాన్సుకి, అలంకరణకి కలిపి ఆరు లక్షలు అడుగుతున్నాడు. వాళ్ళ నాన్నగారేమో బ్యాంకు కోచింగ్‌లో చేరమంటున్నారు. బంధువులు "పాత ఇనుము కొంటాం అని వీధుల్లో అరుస్తాడా" అని నవ్వుతున్నారు. మొన్న మా అత్తగారి భోషాణం కూడా పాలిష్ చేసి అమ్ముతానన్నాడు. ఇది నిజంగా ఒక కెరీరేనా?
– ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: అమ్మా, కెరీరే. కానీ ఆరు లక్షలు ఇవ్వకండి. ఇప్పుడే ఇవ్వకండి.

ముందు బంధువుల నవ్వు సంగతి. చండీగఢ్ నగరం కట్టినప్పుడు, 1950లలో, పియరీ జాన్నరే అనే ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో అక్కడి ఆఫీసులకీ కాలేజీలకీ వేల సంఖ్యలో టేకు కుర్చీలు చేయించారు. పేము అల్లిన సీటు, తిరగేసిన వీ అక్షరంలాంటి కాళ్ళు. యాభై ఏళ్ళకి అవి విరిగి, మేడ మీద గుట్టలుగా పడి ఉంటే, ఆఫీసులవాళ్ళు తుక్కు కింద వేలం వేసేశారు. విదేశీ వ్యాపారులు వాటిని కొని, బాగుచేసి, పారిస్, న్యూయార్క్ లాంటి చోట్ల వేలాల్లో లక్షలకి అమ్మారు. చివరికి 2011లో కేంద్ర హోంశాఖ ఆ ఫర్నిచర్ అమ్మకుండా, దేశం దాటకుండా చూడమని ఆదేశాలివ్వాల్సి వచ్చింది. ఆ కుర్చీని తుక్కుగా చూసినవాడికి కిలోల లెక్కన డబ్బొచ్చింది. అదేమిటో తెలిసినవాడికి లక్షలొచ్చాయి. మీ అబ్బాయి చేయదలచుకున్న వ్యాపారం ఆ రెండు ధరల మధ్యలో ఉంటుంది. అయితే ఈ కథ విని అటక మీద ఉన్న ప్రతి కుర్చీకీ లక్షలు వస్తాయనుకునేవాళ్ళు కూడా చాలామందే. రావు.

కొనేవాళ్ళెవరంటారా? కాఫీ షాపులు, హోటళ్ళు, బొటిక్‌లు, ఇంటీరియర్ డిజైనర్లు. ఇటుక గోడకి సున్నం కొట్టకుండా, ఇనుప పైపులు బయటికే కనబడేలా వదిలేసి, తుప్పు రంగు స్టూళ్ళు వేసే పద్ధతిని ఇండస్ట్రియల్ స్టైల్ అంటున్నారు. న్యూయార్క్‌లో మూతపడిన ఫ్యాక్టరీల్లో చిత్రకారులు చవగ్గా కాపురాలు పెట్టిన రోజుల నుంచి వచ్చిన ఫ్యాషన్ అది. ఇప్పుడు మన కెఫేల్లో కనబడే రేకు కుర్చీ 1934లో ఫ్రాన్స్‌లో టోలిక్స్ కంపెనీ చేసిన 'మోడల్-ఎ' అనే కుర్చీకి నకలు. నకలుకే అంత గిరాకీ ఉంటే అసలైన పాత సామానుకి ఉండదా అని మీవాడు వాదిస్తాడు. వాదన బాగానే ఉంది. కాకపోతే కెఫేవాడికి ఒకే రకం కుర్చీలు ఇరవై కావాలి. పాత సామానులో ఒకే రకంవి నాలుగు దొరికితే పండగే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు.

ఇంకో సంగతి. మన ఇళ్ళలో నమ్మకాలుంటాయి. శనివారం ఇనుము కొనరు. ముక్కూ మొహం తెలియని ఇంట్లోంచి వచ్చిన మంచం ఎంత అందంగా ఉన్నా "దాని మీద ఎవరు పోయారో" అంటారు. పందిరి మంచం షోరూంలో పెడితే వచ్చినవాళ్ళంతా దాని పక్కన ఫోటో దిగి వెళ్ళిపోతారు. బల్లలు, బీరువాలు, కుర్చీలు, అద్దాలు, దీపాలు అమ్ముడవుతాయి. మంచం తెస్తే అద్దెకిచ్చే ఉద్దేశంతోనే తేవాలి. పాత కాలం కథలు తీసే సినిమా, సీరియల్ ఆర్ట్ డిపార్ట్‌మెంట్లవాళ్ళు, పెళ్ళి డెకరేషన్లవాళ్ళు ఇలాంటివి రోజు అద్దెకి తీసుకుంటారు. ఒక పడక కుర్చీ అమ్మితే ఒక్కసారే డబ్బు. అద్దెకిస్తే చాలాసార్లు వస్తుంది, కాలు విరిగి తిరిగొచ్చే ప్రమాదం కూడా ఉంటుంది. అడ్వాన్సు తీసుకోకుండా సామాను గుమ్మం దాటనివ్వకూడదు.

ఇక అసలు విషయం, కన్ను. షాపు అద్దెకి దొరుకుతుంది, కన్ను దొరకదు. నా సొంత అనుభవమే చెబుతాను. కొన్నేళ్ళ కిందట ముచ్చటపడి ఒక పాత రాత బల్ల కొన్నాను. మెరుగు చూసి మురిసిపోయాను, సొరుగు లాగి చూడలేదు. ఇంటికొచ్చిన వారానికి రోజూ పొద్దున్నే బల్ల కాలి దగ్గర గోధుమపిండిలాంటి చిన్న పొడి కుప్ప. తుడిస్తే మర్నాడు మళ్ళీ. పుచ్చు పురుగు. అమ్మినవాడు రంధ్రాలకి మైనం కూరి పాలిష్ కొట్టేశాడు. బల్ల పారేశాను, పక్కనున్న కొత్త పుస్తకాల అర కూడా పోయింది. ఆ తర్వాత ఏది కొన్నా తలకిందులు చేసి చూడటం అలవాటైంది.

మీ అబ్బాయిని ఇలా పరీక్షించండి. షెడ్డులోంచి సొరుగు ఉన్న సామాను ఏదైనా ఒకటి బయటికి తెమ్మనండి. సొరుగు పూర్తిగా ఊడబెరికి వెనక్కి తిప్పమనండి. చేత్తో కోసినదైతే మూలల దగ్గర జాయింట్ పళ్ళు ఒకదానికొకటి కాస్త తేడాగా ఉంటాయి. మిషన్‌తో కోసినవి అచ్చు గుద్దినట్టుంటాయి. స్క్రూ తలలో ఒకటే గీత ఉందా, ప్లస్ గుర్తు ఉందా? ప్లస్ ఉంటే ఆ స్క్రూ తర్వాతెప్పుడో బిగించారు, లేదా మొత్తం బల్లే తర్వాతిది. సొరుగు అంచులు ఏళ్ళ తరబడి లాగిన చోట అరిగి నున్నగా ఉండాలి. ఎవరూ ముట్టుకోని చోట్ల కూడా సమానంగా అరిగి ఉంటే ఎవడో గరుకు కాగితంతో పాతదనం తెప్పించాడన్నమాట. జోధ్‌పూర్ లాంటి చోట్ల కొత్త సామానుకి పాత రూపు ఇవ్వడం పెద్ద పరిశ్రమ. కొత్తదని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. పాతదని నమ్మి ఆ ధరకి కొంటేనే నష్టం. ఈ ప్రశ్నలకి మీవాడు తడుముకోకుండా చెబితే నాకు సగం ధైర్యం.

మిగతా సగం బీకాంలో ఉంది. ఒక లెక్క చూడండి, అంకెలు కేవలం ఉదాహరణకి. పడక కుర్చీ 2,500కి కొన్నాడు. ట్రాలీ ఆటో 600. పేము మళ్ళీ అల్లించడం 1,800. పాలిష్ 1,200. గరుకు కాగితం, జిగురు, మేకులు 250. మొత్తం 6,350. తొమ్మిది వేలకి అమ్మి 2,650 లాభమని ఇంట్లో స్వీట్లు పంచుతాడు. కానీ దాని మీద తను కూర్చుని పనిచేసిన నాలుగు రోజులు? అది అమ్ముడయ్యేదాకా అయిదు నెలలు ఆక్రమించిన జాగా? మీ పెరడు కాబట్టి అద్దె లేదు. హైదరాబాద్ షాపులో అదే కుర్చీ నెలనెలా అద్దె తింటుంది. అందుకే ఆరు లక్షలు వద్దన్నాను. ఈ వ్యాపారంలో లాభం కొన్నప్పుడే తేలిపోతుంది. ఎక్కువ పెట్టి కొన్నదాన్ని ఎంత అందంగా పేర్చినా లాభం రాదు.

ఒక పెద్ద నోటుబుక్కు కొనిపెట్టండి. ఒక్కో వస్తువుకి ఒక్కో పేజీ: ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకి, రవాణా, మరమ్మతు, కొన్న తేదీ, అమ్మిన తేదీ, అమ్మిన ధర. డిగ్రీ అయ్యేలోగా ఇరవై పేజీల్లో అమ్మిన ధర నిండాలి. చుట్టాలకి అమ్మినవి లెక్కలోకి రావు. ఆ ఏడు జతల కుట్టుమిషన్ కాళ్ళు ముందు వదిలించుకోమనండి. పైన గ్రానైట్ పలక వేసి బల్ల చేయడం ప్రతివాడూ చేస్తున్నాడు.

ఎక్కడ వెతకాలన్నదానికి మీ ప్రాంతంలో ఉన్నవాడు హైదరాబాద్ పరిగెత్తడం నాకు వింతగా ఉంది. హైదరాబాద్‌లో గురువారం జుమేరాత్ బజార్, ముంబైలో చోర్ బజార్, కొచ్చిలో మట్టాంచేరి, తమిళనాడులో కారైకుడి తప్పకుండా చూసి రావాలి. అవి ధరలు నేర్చుకోవడానికి, కొనడానికి కాదు. ఆ వీధుల్లో కూర్చున్నవాళ్ళు మీవాడి కంటే ముందే కళ్ళు తెరిచినవాళ్ళు. గోదావరి జిల్లాల్లో మండువా లోగిళ్ళు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. ఇల్లు పడగొట్టే కాంట్రాక్టరుతో, ఊళ్ళో వడ్రంగితో స్నేహం ఉంటే ద్వారబంధాలు, టేకు స్తంభాలు, ఉయ్యాల బల్లలు కట్టెల అడితికి వెళ్ళకముందే కబురొస్తుంది. పాత రైస్ మిల్లుల్లో పోత ఇనుము పుల్లీలు, కాటాలు. మూతపడిన సినిమా హాళ్ళలో వరస కుర్చీలు. పాత ప్రింటింగ్ ప్రెస్సుల్లో అచ్చులు సర్దుకునే గళ్ళ చెక్క సొరుగులు: గోడకి తగిలిస్తే వాటంత అందమైన అర ఇంకోటి లేదు. పాత ఆల్విన్ బీరువా కనబడితే వదలొద్దని చెప్పండి. 1942లో హైదరాబాద్‌లో పుట్టిన కంపెనీ కాబట్టి ఆ ఊరివాళ్ళకి దాని మీద ప్రత్యేకమైన మమకారం. రైల్వే తుక్కు ఐఆర్‌ఈపీఎస్ అనే రైల్వేవాళ్ళ పోర్టల్లో, చాలా ప్రభుత్వ సంస్థల తుక్కు ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే ఈ-వేలాల్లో అమ్ముతారు. లాట్లు పెద్దవిగా ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది చూస్తూ ఉంటే చాలు.

పాత ఫ్యాన్లు కొనేముందు ఒక్క జాగ్రత్త. ఏసీ కరెంటు రాకముందు కొన్ని పట్టణాల్లో డీసీ ఉండేది. ఆనాటి ఫ్యాన్‌ని ఇప్పటి ప్లగ్గులో పెడితే పాడైపోవచ్చు. పాత పెయింటులో సీసం ఉండొచ్చు, కాబట్టి మాస్కు లేకుండా గీకకూడదు. షెడ్డు పక్కనే చిన్నపిల్లలు ఆడుకుంటుంటే ఈ పని అక్కడ అసలే వద్దు.

చట్టం సంగతి మీరే దగ్గరుండి చెప్పండి, కుర్రాళ్ళకి ఇది బోరు. 1972 నాటి పురావస్తువుల చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. నూరేళ్ళు దాటిన శిల్పాలు, కళాఖండాలు, చేతిపని వస్తువులు దాని పరిధిలోకి రావచ్చు. అలాంటివాటి వ్యాపారానికి భారత పురావస్తు శాఖ లైసెన్సు ఉండాలి, ప్రైవేటువాళ్ళు విదేశాలకి పంపకూడదు. అమెరికాలో ఉన్నవాళ్ళెవరైనా పాత నగిషీల తలుపు అడిగితే, అది పురావస్తువు కాదని ఆ శాఖ నుంచి సర్టిఫికెట్ వచ్చాకే ప్యాకింగ్. జిట్రేగు (రోజ్‌వుడ్) సామాను ఎగుమతికి వేరే అనుమతులు కావాలి. ఏనుగు దంతం పొదిగినవి ముట్టుకోనే కూడదు. గుడి వాహనాలు, రథం చెక్కలు ఎవరు తెచ్చిచ్చినా వద్దు. దొంగ సొత్తు అని తెలిసో, తెలియాల్సి ఉండో కొన్నవాడు కూడా నేరస్థుడే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద. అందుకే ప్రతి కొనుగోలుకీ అమ్మినవాళ్ళ సంతకంతో చీటీ, గుర్తింపు కార్డు కాపీ, వస్తువు ఫోటో ఉండాలి. సెకండ్ హ్యాండ్ సామానుకి కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే జీఎస్టీ కట్టే పద్ధతి ఒకటుంది. కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (అంటే కొనుగోలు మీద కట్టిన పన్నుని తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోకూడదు, వస్తువు స్వభావం మార్చేయకూడదు. పుల్లీని బల్లగా మారిస్తే అది వర్తిస్తుందా అన్నది మీవాడు తన అకౌంట్స్ లెక్చరర్‌ని అడగాల్సిన మంచి ప్రశ్న.

చదువు మానకూడదు, అది తేలిపోయిన విషయం. డిగ్రీ అయ్యాక షాపు బదులు ఒక ఏడాది చేతిపని. మీ ఊళ్ళోనే మంచి వడ్రంగి దగ్గర ఆరు నెలలు కూర్చుంటే ఏ కోర్సూ నేర్పనంత వస్తుంది. సర్టిఫికెట్ కావాలంటే ఐటీఐలో చెక్కపని ట్రేడ్ ఉంది. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో చెక్కపని శిక్షణ ఇస్తారు. డిజైన్ వైపు మనసు పోతే అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫర్నిచర్ డిజైన్ ఉంది, కాకపోతే దాని ప్రవేశ పరీక్షకి తయారవడం వేరే తపస్సు. ఇదే అనుభవంతో ఇంటీరియర్ సంస్థల్లో, హోటళ్ళకి సామాను సమకూర్చేవాళ్ళ దగ్గర, సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లో ఉద్యోగాలు కూడా దొరుకుతాయి. వ్యాపారం కలిసి రాకపోయినా చేతిపని ఎక్కడికీ పోదు.

వాళ్ళ నాన్నగారితో యుద్ధం వద్దు. బ్యాంకు పరీక్షలకి వయసింకా ఉంది. ఏడాది గడువు పెట్టండి. ఆ ఏడాదికి ఆరు లక్షలు కాదు, యాభై వేలు, అది కూడా అప్పుగా, నోటుబుక్కులో మొదటి పేజీ మీద రాయించి ఇవ్వండి. షాపు బదులు పెరట్లో ఒక గోడకి సున్నం వేయించి, దాని ముందు ఒక్కో వస్తువూ పెట్టి, పగటి వెలుతురులో ఫోటో తీసి, కొలతలతో, పగుళ్ళుంటే అవి కూడా కనబడేలా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టమనండి. పగులు దాచి అమ్మినవాడి దగ్గరికి డిజైనర్ రెండోసారి రాడు.

ఇక భోషాణం. దానికి పాలిష్ ఇప్పుడే పెట్టనివ్వకండి. దాని మీదున్న నలుపు ముప్పై నలభై ఏళ్ళ చేతుల జిడ్డూ, నూనే, పొగా కలిసి వచ్చింది. గరుకు కాగితం వేస్తే గంటలో పోతుంది, మళ్ళీ రాదు. చేతిపని నేర్చుకోవడానికి షెడ్డులో విరిగిన కుర్చీలు చాలు. అమ్మడం గురించైతే, అది మీ అత్తగారిది కాబట్టి మీ ఆడపడుచులు ఒప్పుకోకుండా గుమ్మం దాటకూడదు. మీరు వాళ్ళకి ఫోన్ చేసి చూడండి. ముగ్గురుంటే ముగ్గురూ అది తమకే కావాలంటారని నా అనుమానం.