వంకర కుట్ల పిట్టలు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది నల్లగొండ. ఆరేళ్ల కింద మహబూబ్‌నగర్‌లో కుట్టు, అల్లికల శిక్షణకు వెళ్లినప్పుడు వనపర్తి ఆమె ఒకరు పరిచయమైంది. నాకంటే నాలుగేళ్లు చిన్నది, అక్కా అని పిలుస్తుంది. అప్పటి నుండి ప్రతి క్రిస్మస్‌కు చెట్టుకు కట్టే అలంకరణలు చెరి పన్నెండు చేత్తో చేసి పంపుకుంటున్నాం. మొదట్లో ఆమె గద్వాల చీరల అంచు ముక్కల మీద ఆవగింజంత ముళ్లు వేసి పంపేది. నిరుడు నేను క్రోషియాతో పన్నెండు నక్షత్రాలు అల్లి, గంజి పెట్టి, జరీ అంచు కట్టి పంపాను. ఒక్కోదానికి నాలుగు గంటలు పట్టింది. ఆమె నుండి ముదురు ఆకుపచ్చ ఫెల్ట్ గుడ్డతో చేసిన పిట్టలు వచ్చాయి. కుట్టంతా వంకరగా ఉంది, నాలుగింటికి అంచులు కుట్టకుండా జిగురుతో అంటించింది, రెండింటికి రెక్కలు ఊడిపోయాయి. “అక్కా, ఈసారి నల్లదారం నాకు లొంగలేదు” అని చీటీ పెట్టింది. ఆమె ఫోన్ స్టేటస్‌లో పెట్టిన చెట్టు ఫొటోలో నా నక్షత్రం ఒక్కటీ లేదు. అప్పటి నుండి నేను సరిగా మాట్లాడటం లేదు. బజారులో డబ్బాలకొద్దీ దొరికేవాటికి ఇంత బాధ దేనికని మా ఆయన అంటున్నారు. ఈసారి నేనూ ఏవో నాలుగు చేసి పంపి ఊరుకోవాలా, లేక మొత్తానికే మానుకోవాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆమె పెట్టిన చీటీ దగ్గరే ఆగిపోయాను. మీరు ఆ మాటను ఒక సాకుగా తీసుకున్నట్లున్నారు, నాకు మాత్రం అది మొహమాటపడుతూ చెప్పుకున్న కష్టంలా వినిపించింది. ఆవగింజంత ముడి వేయగలిగిన చేయి ఒక్క ఏడాదిలో వంకర కుట్టులోకి, అక్కడి నుండి జిగురులోకి దిగిందంటే, శ్రద్ధ తగ్గిందని అనుకునే ముందు ఆమెకు ఏమైందని అడగవలసి ఉంటుంది. శ్రద్ధ లేని మనిషి పన్నెండూ అంటించి పంపేది. ఆమె ఎనిమిదింటిని కుట్టి, చేతకాని నాలుగింటిని మాత్రమే అంటించింది. ఆ పిట్టలు ఇంకా మీ దగ్గర ఉంటే ఒకసారి వెలుతురులో పెట్టి చూడండి. కుట్లు మొదట దగ్గర దగ్గరగా ఉండి, పోను పోను ఎడమైతే, సూది దిగిన చోటునే మళ్లీ మళ్లీ వెతుక్కున్న జాడ కనిపిస్తే, అది తొందరలో చేసిన పని కాదు.

మీ లెక్క ప్రకారం ఆమెకు ఇప్పుడు 43 ఏళ్లు. నలభై దాటాక కంటిలోని కటకం క్రమంగా బిగుసుకుపోయి దగ్గరి వస్తువుల మీద చూపు నిలవకపోవడాన్నే మన పెద్దవాళ్లు చత్వారం అన్నారు. అది దాదాపు అందరికీ వచ్చేదే అయినా, పేపరు చదివేవారికంటే సూది పట్టేవారికి ముందుగా తెలిసివస్తుంది. దూరపు చూపు బాగానే ఉంటుంది కాబట్టి తన కళ్లకు ఏదో అయిందని మనిషికి వెంటనే తోచదు, చేతిలో పట్టు తప్పిందనే అనుకుంటుంది. పగలంతా ఇంటి పనితో సరిపోయి రాత్రి బల్బు కింద కూర్చునేవారికి, అందులోనూ ముదురు గుడ్డ మీద నల్లదారంతో కుట్టేవారికి అది మరీ కష్టం. 2018లోనూ 2023లోనూ మన రాష్ట్రంలో కంటి వెలుగు శిబిరాలు పెట్టినప్పుడు దగ్గరి చూపు అద్దాలు పెట్టుకున్న తరువాతనే మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరగలిగామని చెప్పిన ఆడవాళ్లను నేను ఎరుగుదును. అన్నాళ్లూ వాళ్లు ఎవరికీ చెప్పుకోలేదు. కారణం కళ్లే అని నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. వేళ్లు తిమ్మిరెక్కడం కావచ్చు, షుగరు కావచ్చు, ఇంట్లో ఎవరైనా మంచాన పడి ఉండవచ్చు. వీటిలో ఏదీ కాకపోవచ్చు కూడా. కానీ ఇది ఒక్క ఫోనుతో తెలిసే సంగతి, ఆ ఫోను మీరు ఇన్ని నెలలుగా చేయలేదు.

అలాగని మీ బాధను తీసివేయడం లేదు. పన్నెండు నక్షత్రాలకు నలభై ఎనిమిది గంటలు, అదీ ఇంటిల్లిపాదీ పడుకున్నాక మీకు మిగిలిన గంటలు. వాటిలో ఒక్కటైనా ఆమె చెట్టు మీద కనబడకపోతే మనసు చివుక్కుమనడం సహజం. చెట్టుకు ఇంకో వైపు కూడా ఉంటుందని, గంజి పెట్టిన అల్లిక తేమకు మెత్తబడి వాలిపోతుందని, ఒక్కోసారి పురుగు కూడా పడుతుందని నేను చెప్పగలను, కానీ నేను ఊహించి చెప్పిన మాటతో మీ మనసు కుదుటపడదు. ఆ మాట ఆమె నోటి నుండే రావాలి. అందుకు మీరు నొచ్చుకున్న సంగతి ఆమెకు తెలియాలి కదా.

మీ వారు ఈ బాధను బజారు ధరతో కొలుస్తున్నారు. ఆయనకు ఒక్కమాట చెప్పండి: క్రిస్మస్ చెట్టును గురించి దొరుకుతున్న పాత రాతల్లో ఒకటి 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ నగరానిది, అందులో చెట్టుకు కట్టినవి రంగు కాగితపు గులాబీలు, యాపిళ్లు, పలుచని రొట్టెబిళ్లలు. డబ్బాలో అమ్మే మెరుపు బంతులు చాలా తరువాత వచ్చాయి. ఇంతకంటే ఆయనతో వాదన వద్దు, ఎందుకంటే మీ అసలు చిక్కు ఆయనతో కాదు.

ఆ చిక్కు ఎక్కడ మొదలైందో చెబుతాను. మన పెళ్లిళ్లలో కట్నాలు రాసే పుస్తకం ఒకటి ఉంటుంది. ఎవరు ఎంత చదివించారో రాసుకుని, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఆ పేజీ తిప్పి చూసి, దానికి తగ్గకుండా పెట్టి వస్తాం. అది తప్పని నేను అనను. చేతిలో డబ్బులేని ఇంట్లో పెళ్లి గట్టెక్కేది ఆ పుస్తకం వల్లనే. కానీ అక్కడ ఇచ్చేదీ తెచ్చేదీ నగదు, కాబట్టి లెక్క సరిపోతుంది. మీరిద్దరూ మార్చుకునేది చేతిపని. మీ చేయి, ఆమె చేయి, మీ ఇంటి వెలుతురు, ఆమె ఇంటి వెలుతురు ఏ ఏడాదీ ఒక్కటిగా ఉండవు. ఆరేళ్లుగా మీరు సంఖ్య ఒక్కటే అనుకున్నారు, పన్నెండుకు పన్నెండు అని. ఎంత పని పెట్టాలో, కుదరని ఏడాది ఏం చేయాలో ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆమె చీటీ రాసిన రోజున “ఈసారి ఆరే పంపుతా అక్కా” అని చెప్పే వెసులుబాటు ఉండి ఉంటే, జిగురు దాకా వచ్చేది కాదని నా నమ్మకం.

అందువల్ల ఏవో నాలుగు చేసి పంపే ఆలోచనను దయచేసి వదిలేయండి. మీరు అడిగిన రెండింటిలో నాకు ఎక్కువ భయం వేసింది దానికే. పెట్టె విప్పి నాలుగు నాసిరకం వస్తువులు చూసిన ఆమెకు మీ కోపం అర్థం కాదు, తన పిట్టలు మీకు నచ్చలేదన్న అవమానం మాత్రం అర్థమవుతుంది. మానేయడం కూడా ఇప్పుడే వద్దు.

ముందు ఫోను చేయండి. స్టేటస్ ఫొటోతో మొదలుపెట్టకండి, చీటీతో మొదలుపెట్టండి. మీ ఇద్దరి మాటల్లోనే చెప్పండి: “చెల్లె, నిరుడు నల్లదారం లొంగలేదని రాసినవ్ గదా, నేను అప్పుడే అడగకపోతి. సూదిల దారం ఎక్కుతుందా నీకు? కండ్లు చూపించుకున్నవా?” తరువాత ఆమెను చెప్పనివ్వండి. అంతా విన్నాక, అదే ఫోనులో, దాచుకోకుండా, “నా చుక్కలు చెట్టుకు కనవడకపోతే నాకు మస్తు బాధయింది” అని కూడా చెప్పండి. ఈ రెండో మాటను మంచితనం కోసం మింగేస్తే అది వచ్చే డిసెంబరులో మళ్లీ పైకి వస్తుంది.

ఆమె కష్టం చెప్పుకుంటే, పద్ధతి మార్చుకోండి. పన్నెండుకు బదులు ఆరు చాలు. లేత రంగు గుడ్డ, లావు దారం, పెద్ద కుట్టు పెట్టుకుంటే కన్నుకు శ్రమ తగ్గుతుంది. పుట్టపాక, పోచంపల్లి చీరల ముక్కల్లో గుడ్డ మీద రంగులు నేతలోనే వచ్చేసి ఉంటాయి కాబట్టి పైన సన్నపని లేకుండానే నిండుగా ఉంటాయి, అవి మీరే కొన్ని కత్తిరించి పంపవచ్చు. మీరు కథోలిక గుడికి వెళ్లేవారైతే క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమనకాలపు మొదటి ఆదివారం నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య పడుతుందని మీకు తెలిసే ఉంటుంది, పెట్టెలు ఆ లోపు చేరాలని గడువు పెట్టుకుంటే ఇద్దరికీ రాత్రి పని తప్పుతుంది.

ఒకవేళ ఆమె ఆరోగ్యంగానే ఉండి, ఈ పని మీద ఇష్టం మాత్రం పోయిందని మీకు అర్థమైతే, ఆమె చేత ఆ మాట అనిపించకండి. “ఈ ఏడు ఆపుదాం చెల్లె, పండుగకు ఫోన్ల మాట్లాడుకుందాం” అని మీరే అనండి. అలా అన్నాక మీకు కొన్నాళ్లు వెలితిగా ఉంటుంది, నిజమే. మీ చేతిపనిని ఇష్టంగా చూసే మరో మనిషి నల్లగొండలోనే దొరకవచ్చు, కానీ ఆ వెతుకులాట ఈ ఫోను తరువాతి సంగతి.

ఊడిన రెక్కల పిట్టలు రెండింటినీ ఫోను చేసే ముందే కుట్టి పెట్టుకోండి. అవి ఏమయ్యాయని ఆమె తప్పకుండా అడుగుతుంది. బాగు చేశానని, ఈసారి చెట్టుకు కడతానని అప్పుడు నిజంగానే చెప్పగలుగుతారు.